వైజాగ్ నుంచి స్కూట్‌లోనా, హైదరాబాద్ వెళ్ళి సింగపూర్ ఎయిర్‌లైన్స్‌లోనా? పెద్దవాళ్ళతో, పిల్లలతో ప్రయాణం

కాకినాడ_కుటుంబం:

అందరికీ నమస్కారం. దసరా సెలవుల్లో సింగపూర్ వెళ్దామనుకుంటున్నాం. మేమిద్దరం, పిల్లలిద్దరు (11, 6 ఏళ్ళు), అమ్మా నాన్నా, మొత్తం ఆరుగురం. నాన్నకి 70 దాటాయి, మోకాళ్ళ నొప్పి. నేల మీద నెమ్మదిగా నడుస్తారు కానీ మెట్లంటే కష్టం. అమ్మ ఇంతవరకు విమానం ఎక్కలేదు.

నాకు మూడు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి, కారులో వైజాగ్ వెళ్ళి అక్కడి నుంచి నేరుగా స్కూట్ (చవక టికెట్ల విమాన సంస్థ). రానూ పోనూ మనిషికి 21 వేలు చూపిస్తోంది, కానీ అందులో చెకిన్ బ్యాగు లేదు, తిండి లేదు. రెండు, గౌతమి ఎక్స్‌ప్రెస్ రైల్లో హైదరాబాద్ వెళ్ళి అక్కడి నుంచి సింగపూర్ ఎయిర్‌లైన్స్. మనిషికి 34 వేలు, అన్నీ కలిపే. మూడు, రైలు బదులు రాజమండ్రి నుంచి హైదరాబాద్ దాకా ఇండిగో టికెట్ విడిగా తీసుకుని, అదే రోజు రాత్రి సింగపూర్ విమానం ఎక్కడం.

ఇంట్లో మా ఆవిడ "పెద్దవాళ్ళతో వెళ్తున్నప్పుడు డబ్బు చూడకండి, మంచి దాంట్లోనే వెళ్దాం" అంటోంది. తేడా 78 వేలు కదండీ, ఆ డబ్బుతో అక్కడ రెండు రోజులు గడిచిపోతాయి. నాన్నని ఇబ్బంది పెట్టి డబ్బు మిగుల్చుకోవాలని మాత్రం లేదు. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

బెజవాడ_టికెటింగ్:

నేను విజయవాడలో ట్రావెల్ ఆఫీసులో 14 ఏళ్ళుగా టికెట్లు కొడుతున్నాను, రోజూ ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతూనే ఉంటారు. ముందు ఒక మాట, 21కీ 34కీ పోలిక పెట్టకండి. అవి రెండూ ఒకే సరుకు ధరలు కావు. ఇంటి గుమ్మం నుంచి హోటల్ గుమ్మం దాకా ఎంతవుతుందో రాసుకోండి. మీ లెక్కే నేను వేస్తాను, అంకెలు ఉజ్జాయింపుగా తీసుకోండి.

స్కూట్ ఆరుగురికి 1,26,000. ఆరుగురికీ బ్యాగులు కొనక్కర్లేదు, నాలుగు 20 కిలోల బ్యాగులు చాలు, రానూ పోనూ కలిపి దాదాపు 22 వేలు. అందరూ పక్కపక్కన కూర్చోవడానికి సీట్లకి 8 వేలు, భోజనాలకి 9, 10 వేలు. అంటే 40 వేలు కలిసింది, 1,66,000 అయింది. సింగపూర్ ఎయిర్‌లైన్స్ 2,04,000. ఇప్పుడు తేడా 78 కాదు, 38.

ఇక్కడే చాలామంది లెక్క ఆపేస్తారు. మీరు ఉండేది హైదరాబాద్ అయితే ఆపొచ్చు, కాకినాడ కాబట్టి ఆపకూడదు. కాకినాడ నుంచి వైజాగ్ 150 కిలోమీటర్లు, పెద్ద బండి రానూ పోనూ 10 వేలు అనుకోండి. అదే హైదరాబాద్ అయితే ఆరుగురికి థర్డ్ ఏసీ రానూ పోనూ 12 వేల పైమాటే, స్టేషన్ నుంచి శంషాబాద్‌కి రెండు కార్లు, మళ్ళీ తిరుగు ప్రయాణంలో రెండు కార్లు, పొద్దున్నే రైలు దిగి రాత్రి విమానం దాకా నాన్నగారు నడుం వాల్చడానికి రెండు గదులు. 26 వేలు అవుతుంది. తేడా మళ్ళీ 54 వేలకి పెరిగింది, పైగా ఒక రోజూ ఒక రాత్రీ పోయాయి. మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషిని పది గంటల పైన రైల్లో కూర్చోబెట్టి, నాలుగు గంటల విమానంలో సుఖపెట్టడం కోసం అంత డబ్బు ఇవ్వడం నాకు సబబుగా అనిపించట్లేదు.

స్కూట్ కూడా సింగపూర్ ఎయిర్‌లైన్స్ గ్రూపుదే. వైజాగ్‌కి ఇదివరకు వాళ్ళ సిల్క్ ఎయిర్ తిరిగేది, తర్వాత ఆ రూటు స్కూట్‌కి ఇచ్చారు. ఎవరో ఊరూ పేరూ లేని కంపెనీ అని భయపడక్కర్లేదు.

బ్యాగు టికెట్‌తో పాటే కొనేయండి. తర్వాత కలిపితే ఎక్కువ, ఎయిర్‌పోర్టు కౌంటర్ దగ్గర కొంటే తడిసి మోపెడవుతుంది. చేతి సామాను స్కూట్‌లో మనిషికి మొత్తం 10 కిలోలు, హ్యాండ్‌బ్యాగు కూడా అందులోనే లెక్క. ఇంట్లో తూచుకుని బయల్దేరండి.

గుంటూరు_నుంచి_రవళి:

మూడో దారి మాత్రం వద్దండీ, దయచేసి వద్దు. మేము రెండేళ్ళ క్రితం బాలి వెళ్ళినప్పుడు సరిగ్గా ఇదే చేశాం. విజయవాడ నుంచి చెన్నై ఒక సంస్థ, చెన్నై నుంచి కౌలాలంపూర్ మీదుగా బాలి ఇంకో బడ్జెట్ సంస్థ, రెండు వేర్వేరు టికెట్లు. మధ్యలో నాలుగు గంటలుంది కదా అని ధైర్యం. మొదటి విమానం మూడు గంటలు లేటయింది. చెన్నైలో దిగి, బెల్టు దగ్గర బ్యాగులు తీసుకుని, దేశీయ టెర్మినల్ నుంచి అంతర్జాతీయ టెర్మినల్‌కి పరిగెత్తే సరికి చెకిన్ మూసేశారు. కౌంటర్‌లో అమ్మాయి చాలా మర్యాదగానే చెప్పింది, "మేడమ్, మా విమానం టైముకే ఉంది, మీరే రాలేదు" అని. లేటు చేసిన సంస్థేమో "మిమ్మల్ని చెన్నై చేర్చడం వరకే మా పని" అంది. వాళ్ళిద్దరి మాటా వాళ్ళ వాళ్ళ రూల్ ప్రకారం నిజమే. మరుసటి రోజుకి ఇద్దరికీ కొత్త టికెట్లు 46 వేలు, చెన్నైలో గది, బాలిలో మొదటి రాత్రి హోటల్ డబ్బు పోయింది. ఆ రాత్రంతా కంటికి కునుకు లేదు. మేమిద్దరం పడుచువాళ్ళం కాబట్టి తట్టుకున్నాం. మీ నాన్నగారిని, ఆరేళ్ళ పిల్లాడిని పెట్టుకుని అలా పరిగెత్తగలరా?

హైదరాబాద్ నుంచే వెళ్ళాలనుకుంటే ముందు రోజే చేరుకోండి. లేదా మొత్తం ప్రయాణం ఒకే పీఎన్ఆర్ మీద ఇచ్చే టికెట్ చూడండి. అప్పుడు మొదటిది లేటయితే తర్వాతి దానిలో ఎక్కించే బాధ్యత వాళ్ళదే, బ్యాగులు కూడా చివరి ఊరి దాకా వెళ్ళిపోతాయి.

బెజవాడ_టికెటింగ్:

రవళి గారు చెప్పింది అక్షరాలా నిజం. ఇంకోటి, సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఎకానమీలో 25 కిలోలు ఇస్తారు, మన దేశీయ విమానాల్లో మామూలుగా 15 కిలోలే. విడి టికెట్ తీసుకుంటే రాజమండ్రిలో ఆ 15 కిలోల లెక్కే చూస్తారు. మీరు 25 కిలోలు కట్టుకుని వెళ్తే మిగతా దానికి అక్కడే డబ్బు కట్టాలి.

సింగపూర్_తెలుగింటి:

నేను ఇక్కడ ఉంటున్నాను, అనకాపల్లి మాది. మా అమ్మ రెండుసార్లు వైజాగ్ నుంచి స్కూట్‌లోనే వచ్చింది, రెండోసారి ఒంటరిగా. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

స్కూట్‌లో దుప్పటి ఇవ్వరు, నీళ్ళు కూడా కొనుక్కోవాలి, సీటు ముందు టీవీ ఉండదు. లోపల చలి బాగా ఉంటుంది. మా అమ్మ మొదటిసారి పల్చటి నేత చీరలో వచ్చి వణికిపోయింది, రెండోసారి స్వెట్టరు, శాలువా, సాక్సులు పెట్టుకుని హాయిగా నిద్రపోయింది. మీ అమ్మగారికి ఇవి తప్పకుండా చేతి సంచిలో పెట్టండి. ఖాళీ సీసా తీసుకెళ్ళి సెక్యూరిటీ దాటాక నింపుకోండి. పులిహోర డబ్బా లోపల విప్పుదామనుకోకండి, బయటి తిండి తిననివ్వరు. వైజాగ్ ఎయిర్‌పోర్టులో కూర్చుని తినేసి ఎక్కండి, రాత్రి విమానం కాబట్టి తర్వాత ఎవరికీ ఆకలి వేయదు. అప్పుడు భోజనాల 10 వేలు కూడా చాలావరకు మిగులుతాయి. పిల్లలకి మాత్రం ఏదైనా ముందే బుక్ చేయండి.

వీల్‌చైర్ విషయం చాలా ముఖ్యం. కనీసం 48 గంటల ముందు అడగాలి. అడిగేటప్పుడు "వీల్‌చైర్ కావాలి" అని ఊరుకోకండి, మెట్లు ఎక్కలేరని స్పష్టంగా చెప్పండి. అందులో రకాలున్నాయి. మెట్లు ఎక్కగలిగినవాళ్ళకి ఒక కోడ్ (డబ్ల్యూసీహెచ్ఆర్), ఎక్కలేనివాళ్ళకి ఇంకో కోడ్ (డబ్ల్యూసీహెచ్ఎస్). విమానాన్ని దూరంగా ఆపి బస్సులో తీసుకెళ్తే ఆ రెండో కోడ్ ఉన్నవాళ్ళని మెట్లు లేకుండా పైకి ఎక్కించే ఏర్పాటు చేస్తారు. మా అమ్మకి మొదటిసారి ఆ సంగతి తెలియక పదిహేను మెట్లు పట్టుకుని పట్టుకుని ఎక్కింది, ఆ మాట ఫోన్లో చెప్తుంటే నాకు ఏడుపొచ్చింది.

సీటు నడవ పక్కది తీసుకోండి, మోకాలు చాచుకోవడానికి. ఎమర్జెన్సీ తలుపు దగ్గర సీట్లలో కాలు చాచే చోటు ఎక్కువ ఉంటుంది కానీ అవి పిల్లలకీ, కదలడానికి సాయం కావలసినవాళ్ళకీ ఇవ్వరు. డబ్బు కట్టి తీసుకున్నా అక్కడ మార్చేస్తారు.

ఎస్‌జీ అరైవల్ కార్డు (సింగపూర్‌లో దిగేవాళ్ళు ఇవ్వాల్సిన ఫారం) ఆన్‌లైన్‌లో, ఇక్కడ దిగే రోజుతో కలిపి మూడు రోజుల్లోపు నింపండి, అది ఉచితం. డబ్బు అడిగే వెబ్‌సైట్ కనబడితే అది అసలుది కాదు.

మెహదీపట్నం_శ్రీను:

నేను ఇంకో వైపు నుంచి చెప్తా, తప్పుగా అనుకోవద్దన్నా. విమానం టైముకి లేచినప్పుడు రెండూ ఒకటే. లేవనప్పుడు తెలుస్తుంది తేడా. పోయినేడు ఒక బడ్జెట్ సంస్థలో బ్యాంకాక్ నుంచి వస్తుంటే రాత్రి విమానం రద్దయింది. వాళ్ళకి ఆ రూట్‌లో రోజుకి ఒక్కటే సర్వీసు, మర్నాడు దానిలో సీట్లు లేవు, మూడో రోజుకి ఇచ్చారు. చిన్న పాప ఉంది మాకు. హెల్ప్‌డెస్క్ దగ్గర ఇద్దరే మనుషులు, రెండు వందల మంది లైను. అదే పెద్ద సంస్థ అయితే ఇంకో సర్వీసులోనో, తన భాగస్వామి సంస్థ విమానంలోనో ఎక్కించడానికి దారులు ఎక్కువ ఉంటాయి. మీరు ఇచ్చే ఆ 54 వేలలో సగం దానికోసమే అనుకోండి. తిండీ టీవీ నాకూ లెక్కలేదు.

బెజవాడ_టికెటింగ్:

శ్రీను గారి మాట కొట్టిపారేసేది కాదు. బడ్జెట్ సంస్థలకి అవసరానికి పక్కన ఉంచుకునే అదనపు విమానాలు తక్కువ, ఒక్కో విమానాన్ని రోజంతా తిప్పుతూనే ఉంటారు, టికెట్ చవకగా ఇవ్వగలిగేది కూడా అందుకే. పొద్దున ఎక్కడో ఒక గంట లేటయితే సాయంత్రానికి అది పేరుకుంటుంది. కానీ పెద్దదైతే భరోసా అని కూడా అనుకోకండి. 2019లో జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయింది, అది ఫుల్ సర్వీస్, అంటే తిండీ బ్యాగూ టికెట్‌లోనే కలిపి ఇచ్చేది. 2023లో గో ఫస్ట్ ఆగింది, అది బడ్జెట్. 2025 డిసెంబరులో ఇండిగో వేల సర్వీసులు రద్దు చేసినప్పుడు, దేశంలో అతి పెద్ద సంస్థలోనే జనం ఇరుక్కుపోయారు.

హక్కుల విషయంలో టికెట్ చవకదా ఖరీదైనదా అని చట్టం చూడదు. మన దేశీయ విమానాలకి డీజీసీఏ (విమానయాన నియంత్రణ సంస్థ) నిబంధనలు అందరికీ ఒకటే. ఆరు గంటలు మించి లేటయితే వేరే విమానమో పూర్తి రీఫండో మీ ఇష్టం. విదేశీ ప్రయాణంలో బ్యాగు పోయినా, ఆలస్యమైనా మాంట్రియల్ ఒప్పందం (విమాన ప్రయాణికుల నష్టపరిహారంపై దేశాల మధ్య ఒప్పందం) వర్తిస్తుంది, భారత్, సింగపూర్ రెండూ అందులో ఉన్నాయి. బ్యాగు పాడైతే 7 రోజుల్లో, ఆలస్యంగా అందితే అందిన నాటి నుంచి 21 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. ఎయిర్‌పోర్టు దాటకముందే కౌంటర్‌లో చెప్పి కాగితం తీసుకోండి.

శ్రీను గారి భయానికి నా విరుగుడు ఒకటే. తిరుగు ప్రయాణానికి, పిల్లల బడికీ మీ ఆఫీసుకీ మధ్య రెండు రోజులు ఖాళీ పెట్టుకోండి. ఆలస్యం, రద్దు కవర్ అయ్యే ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోండి, పెద్దవాళ్ళకి ఎలాగూ వైద్యం కోసం తీసుకోవాల్సిందే, నాన్నగారికి ఇప్పటికే ఉన్న జబ్బులు దాచకుండా రాయండి.

ఒకవేళ మీరు వెళ్ళేది సింగపూర్ కాకుండా లండనో సిడ్నీయో అయితే ఇంత మాట్లాడేవాణ్ణి కాదు, ఒకే టికెట్ మీద పెద్ద సంస్థలో వెళ్ళమనేవాణ్ణి. పది, పన్నెండు గంటలు ఇరుకు సీటు వేరు, మధ్యలో విమానం మారడం వేరు. ఇది నాలుగు గంటలు, నేరుగా.

కాకినాడ_కుటుంబం:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. రాత్రి ఇంట్లో అందరం కూర్చుని చదివాం. నాన్న అయితే మెట్ల దగ్గర మీ అమ్మగారి సంగతి విని, "ఆ కోడ్ ఏదో ఇప్పుడే రాసుకో" అన్నారు. వైజాగ్ నుంచే వెళ్దామని తేలింది. మా ఆవిడ ఒక షరతు పెట్టింది, మిగిలిన డబ్బులో కొంత పెట్టి సింగపూర్‌లో హోటల్ ఎంఆర్‌టీ (అక్కడి మెట్రో రైలు) స్టేషన్ పక్కనే, లిఫ్టు ఉన్నది తీసుకోవాలని. నాకూ అదే నచ్చింది.

ఒక్క సందేహం. ఆరుగురినీ ఒకే పీఎన్ఆర్ మీద తీసుకోనా, అమ్మా నాన్నలకి విడిగా తీసుకోనా? ఒకవేళ చివర్లో నాన్నకి బాగోలేక వాళ్ళిద్దరూ ఆగిపోతే?

బెజవాడ_టికెటింగ్:

ఒకే పీఎన్ఆర్ మీదే తీసుకోండి. విమానం రద్దయి వేరేదానిలో వేయాల్సి వస్తే ఆరుగురినీ కలిపి వేస్తారు, పెద్దవాళ్ళు ఒక విమానంలో మీరు ఒక విమానంలో పడే ప్రమాదం తక్కువ. ఇద్దరు ఆగిపోవాల్సి వస్తే సంస్థకి ఫోన్ చేసి వాళ్ళ పేర్లు విడగొట్టించుకోవచ్చు. పేర్లు మాత్రం పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలా, ఇంటిపేరు ఏ గడిలో ఉందో చూసి మరీ కొట్టండి. మనవాళ్ళకి ఎక్కువగా తప్పు పోయేది అక్కడే.