మైంజ్‌కు కొత్తగా వచ్చాను, వైన్ ఎలా ఎంచుకోవాలి?

నరసన్నపేట (కొత్త సభ్యుడు):

అన్నలకు, అక్కలకు నమస్కారం. ఉద్యోగం మీద గత నెల జర్మనీలోని మైంజ్ వచ్చాను. ఆఫీసులో అందరూ వైన్ గురించి మాట్లాడుకుంటుంటే నేను తల ఊపుతూ కూర్చుంటున్నాను. వచ్చే శనివారం మా మేనేజర్ ఇంటికి భోజనానికి పిలిచారు. చేతులూపుకుంటూ వెళ్లలేను కదా, ఒక సీసా తీసుకెళ్లాలి. ఆ తరువాతి వారం వాళ్లను నేనే పిలిచి చేపల పులుసు, ఆవ పెట్టిన వంకాయ కూర చేయాలనుకుంటున్నాను. సూపర్‌మార్కెట్‌లో చూస్తే గోడ పొడవునా సీసాలే, ఒక్క లేబులూ అర్థం కావడం లేదు. పది యూరోల లోపు ఏది కొనవచ్చు? తీపిదో కాదో మూత తీయకముందే తెలిసే దారి ఉందా?

ఆమదాలవలస:

తమ్ముడూ, స్వాగతం. వైన్ సంగతి ఎలాగూ అందరూ చెబుతారు. నేను అడిగేది ఒక్కటే: హాఫ్ట్‌ప్లిష్ట్ బీమా తీసుకున్నావా? మన వల్ల ఎవరికైనా నష్టం జరిగితే కట్టే బీమా అది. నలుగురిని ఇంట్లో కూర్చోబెట్టి ఎర్ర వైన్ పోయబోతున్నావు కాబట్టి ముందే అడుగుతున్నాను.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో మేము అద్దెకున్న ఇంట్లో నేలంతా చెక్కే. ఒక సంక్రాంతికి స్నేహితులు వచ్చారు. డోర్న్‌ఫెల్డర్ పోశాను. ఇక్కడి ఎర్ర వైన్లలో చిక్కటి రంగున్నది అది. ఎవరి మోచేయి తగిలిందో గానీ గ్లాసు నేల మీద పడింది. వెంటనే తుడిచాం. అయినా చెక్కకు పూసిన నూనె అరిగిపోయిన చోట పలకల సందుల్లోకి దిగి, అరచేయంత నల్లటి మచ్చ మిగిలింది.

ఇల్లు ఖాళీ చేసే రోజు ఇంటి యజమాని టార్చిలైటు పట్టుకుని మోకాళ్ల మీద నేలంతా వెతికాడు. మచ్చ కనిపించగానే జేబులోంచి కొలత టేపు తీశాడు. మచ్చను కొలుస్తాడనుకున్నాను, హాలును కొలిచాడు! హాలంతా చిత్రిక పట్టించి మళ్లీ నూనె పూయించాలట, ఆ ఖర్చు మొత్తం మా డిపాజిట్‌లోంచి తీసుకుంటాడట. అప్పగింత కాగితంలో 'నేల పూర్తిగా దెబ్బతిన్నది' అని రాసి సంతకం పెట్టమన్నాడు. మా ఆవిడ నా చేతిలోని పెన్ను లాక్కుంది. 'హాలులో అరచేయంత మచ్చ ఒకటి' అని దిద్దించేదాకా అక్కడి నుంచి కదలలేదు. ఆ తరువాత నెలల తరబడి ఉత్తరాలు నడిచాయి. బీమా వాళ్లు ఆ నేల వయసు లెక్కగట్టి, మిగిలిన విలువ వరకే ఇస్తామన్నారు. కొత్త నేల ధరలో తక్కువ పడినదంతా నువ్వే కట్టమన్నాడు యజమాని. అద్దెదారుల సంఘంలో చేరితే వాళ్ల న్యాయవాది ఒకే ఒక్క ఉత్తరం రాశాడు: పాత నేలకు కొత్త నేల ధర అడిగే హక్కు యజమానికీ లేదని. అప్పుడు కదిలింది డబ్బు.

డిపాజిట్ ఎప్పుడూ మూడు నెలల అద్దెకు మించకూడదు. వేడి, నీళ్ల ఖర్చులు కలపని అద్దెకు సుమా. దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు నీకుంది. ఇంట్లో దిగిన రోజే నేలకు ఫొటోలు తీసి పెట్టుకో.

టెక్కలి:

అతను అడిగింది ఏమిటి, మీరు చెప్పింది ఏమిటండీ! ఈ నేల కథ మేము ప్రతి సంక్రాంతికీ వింటూనే ఉన్నాం.

బాబూ, లేబులు మీద ఒకే ఒక్క మాట వెతుక్కో. ట్రోకెన్ అని ఉంటే తీపి లేనిది. హాల్బ్‌ట్రోకెన్ అంటే కొంచెం తీపి. లీబ్లిష్ అంటే తీపి బాగా తెలుస్తుంది. ట్రోకెన్‌లో లీటరుకు 4 గ్రాముల చక్కెర దాటకూడదు, అది చట్టం. ఇంతకు మించి బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు.

రాజాం:

టెక్కలి గారు చట్టం సగం చదివి పక్కన పెట్టినట్టున్నారు. 4 గ్రాములన్నది అందరికీ వర్తించేది. పులుపు తగినంత ఉంటే 9 గ్రాముల వరకు ట్రోకెన్ అనే రాసుకోవచ్చు. షరతు ఒక్కటే, చక్కెర అంకె పులుపు అంకె కంటే 2 గ్రాములకు మించి పెరగకూడదు. పులుపు 7 ఉంటే చక్కెర 9 దాకా పోవచ్చన్నమాట. రీస్లింగ్ ద్రాక్షకు పులుపు సహజంగానే ఎక్కువ. అందుకే రెండు సీసాల మీదా ట్రోకెన్ అనే ఉన్నా ఒకటి నాలుక మీద చురుక్కుమంటుంది, ఇంకొకటి మెత్తగా దిగుతుంది. ఫైన్‌హెర్బ్ అనే మాట కూడా కనిపిస్తుంది. దానికి చట్టంలో కొలత లేదు. సుమారుగా హాల్బ్‌ట్రోకెన్ దగ్గరలో ఉంటుందనుకో.

తమ్ముడూ, నీ అసలు ప్రశ్నకు జవాబు లేబులు మూలన చిన్న అక్షరాల్లో ఉంటుంది. మద్యం శాతం చూడు. ద్రాక్షలోని చక్కెరే పులిసి మద్యమవుతుంది. రీస్లింగ్ సీసా మీద 8 శాతం అని ఉంటే పులియడం మధ్యలో ఆపారు, చక్కెర మిగిలి ఉంది. 12.5 అని ఉంటే చాలావరకు ఖర్చయిపోయింది. లేబులు మీద మాటలు అర్థం కానప్పుడు నేను ఈ అంకెనే నమ్ముకుంటాను.

కాబినెట్, ష్పేట్‌లేజె అనేవి చూసి కంగారు పడకు. కోసేనాటికి ద్రాక్ష రసంలో చక్కెర ఎంత ఉందో చెప్పే మెట్లు అవి. సీసాలో తీపి ఎంత మిగిలిందో చెప్పవు. ష్పేట్‌లేజె ట్రోకెన్ అని కూడా దొరుకుతుంది, దానికి 13 శాతం మద్యం ఉన్నా ఆశ్చర్యం లేదు. ఇంకొక్క మాట, గుట్స్‌అబ్‌ఫ్యుల్లుంగ్. తోట వాళ్లదే, వైన్ చేసింది వాళ్లే, సీసాలో నింపిందీ వాళ్లే అని అర్థం. ఎనిమిది తొమ్మిది యూరోలకు ఆ మాట ఉన్న సీసా దొరికితే పెద్ద కంపెనీ సీసా జోలికి నేను పోను.

టెక్కలి:

శ్రీకాకుళం వాళ్ల చర్చలో విజయనగరం జిల్లా వాళ్లు చట్టాలు దిద్దుతున్నారు. కానివ్వండి.

రాజాం:

2022 ఏప్రిల్‌లో జిల్లా మారింది గానీ నేను మారలేదు. పులుపు లెక్క కూడా మారలేదు.

బొబ్బిలి:

మీ ఇద్దరి జిల్లాల గొడవ ఇప్పట్లో తేలదు గానీ, ఆ అబ్బాయి చేపల పులుసు పెడతానన్నాడు. దాని గురించి ఎవరూ మాట్లాడరే!

తమ్ముడూ, మన కారానికి 14 శాతం ఎర్ర వైన్ తోడైతే నోరు భగ్గుమంటుంది. మద్యం ఎక్కువైన కొద్దీ మిరపకాయ మంట పెరుగుతుంది. ఎర్ర వైన్లోని వగరు దాన్ని మరింత ఎగదోస్తుంది. చేపతో అయితే కొన్ని ఎర్ర వైన్లకు నోట్లో ఇనుము రుచి కూడా వస్తుంది. కాబట్టి పులుసుకు మోసెల్ నదీ తీరపు రీస్లింగ్ కాబినెట్ తీసుకో, ట్రోకెన్ కానిది, 8 లేక 9 శాతం ఉన్నది. ఆ కొంచెం తీపి కారాన్ని అణుస్తుంది. చింతపండు పులుపు ముందు పులుపు లేని వైన్ చప్పబడిపోతుంది, రీస్లింగ్ మాత్రం నిలబడుతుంది. ఆవ ఘాటు ముక్కుకెక్కే కూరకు కూడా అదే సీసా సరిపోతుంది. మా ఇంట్లో ఎండు రొయ్యల వేపుడుకు కూడా అదే పెడతాం, వచ్చిన జర్మన్లు మళ్లీ మళ్లీ వడ్డించుకున్నారు. ఫ్రిజ్‌లో బాగా చల్లబరచి, పోసే ముందు కాసేపు బయట పెట్టు. మరీ చల్లగా ఉంటే వాసన తెలియదు.

నీకు తాగడం ఇష్టం లేకపోతే ఆ మాట చెప్పేయి. ఇక్కడ ఎవరూ బలవంతం చేయరు. వైన్ చేసేవాళ్ల దగ్గరే మంచి ద్రాక్ష రసం కూడా సీసాల్లో దొరుకుతుంది. నేను ఇన్నేళ్లూ అదే గ్లాసులో పోసుకుని అందరితో కూర్చుంటున్నాను. రుచుల సంగతి ఎలా తెలుసంటారా, వంట చేసేది నేను, తాగి చెప్పేది మా వారు.

ఆమదాలవలస:

బొబ్బిలి అక్క చేపకు చెప్పింది సరే. వేట మాంసం సంగతి ఏమిటి? మాంసం కూరకు తీపి వైన్ పోస్తే నేను లేచి వెళ్లిపోతాను. దానికి ష్పేట్‌బుర్గుండర్ ఉండాలి. ఫ్రెంచివాళ్లు పినో న్వార్ అనే ద్రాక్షే అది. వగరు తక్కువ, కాబట్టి మన మసాలాతో కొట్లాడదు. ఎర్ర వైన్‌ను గది వేడిలో తాగాలనే మాట పాత రాతి ఇళ్ల నాటిది. హీటరు పెట్టిన గదిలో 22 డిగ్రీలుంటే ఎర్ర వైన్ కూడా ఒక పావుగంట ఫ్రిజ్‌లో ఉండి రావాలి.

టెక్కలి:

మొదట దాని మూత చూడండి. మర మూత ఉంటే చవక సరుకు.

రాజాం:

ఇది మరీ పాత మాటండీ. ఇక్కడ పేరున్న తోటలవాళ్లు కూడా తెల్ల వైన్‌కు మర మూతే వేస్తున్నారు. బెండు మూతకు ఒక జబ్బు ఉంది, అది పట్టిన సీసా తడిసిన అట్టపెట్టె వాసన కొడుతుంది. మర మూతతో ఆ భయం చాలావరకు లేదు. మీరు క్రిస్మస్‌కు తెచ్చిన సీసా గుర్తుందా?

టెక్కలి:

అది నిల్వలో తేడా.

పలాస:

ఆలస్యంగా చూశాను. తమ్ముడూ, నువ్వున్న ఊరి విలువ నీకు ఎవరూ చెప్పలేదు. జర్మనీలో 13 వైన్ ప్రాంతాలుంటే వాటిలో అన్నిటికంటే పెద్దది రైన్‌హెస్సెన్, మైంజ్ అందులోదే. శనివారం ఉదయం పెద్ద చర్చి దగ్గర సంతకు వెళ్లు. మార్చి నుంచి నవంబరు దాకా చుట్టుపక్కల తోటలవాళ్లే వచ్చి గ్లాసుల్లో పోసి అమ్ముతారు. సీసా కొని పారబోసుకునే బదులు గ్లాసు గ్లాసుగా రుచి చూడు. నీకు నచ్చిన దాని లేబులు ఫొటో తీసుకో, మేనేజర్‌కు అదే కొను. అక్కడ షాయ్‌రెబె అడుగు. 1916లో ఇక్కడికి దగ్గరలోని ఆల్ట్‌సైలో పుట్టించిన ద్రాక్ష అది, ఇంటికి వచ్చినవాళ్లు స్థానికమైన సీసా తెచ్చారంటే జర్మన్లు మురిసిపోతారు. వాళ్లు ఆ సీసా ఆ పూట తెరవకపోతే నొచ్చుకోకు, భోజనానికి వేరేది ముందే చల్లబరచి ఉంచుకుని ఉంటారు. గ్లాసును కాడ దగ్గర పట్టుకో. తాకించేటప్పుడు ఎదుటివారి కళ్లలోకి చూడాలి, చూడకపోతే వాళ్లే ఆపి చూడమంటారు.

సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో అయితే నేను అసలు వైన్ అడగను, ఫెడర్‌వైసర్ అడుగుతాను. రసం ఇంకా పులుస్తూ ఉండగానే అమ్మేస్తారు. తెల్లగా మబ్బుగా ఉంటుంది, నాలుక మీద చిటపటలాడుతుంది. కొన్న రోజు తియ్యగా ఉండి, రెండు రోజుల్లో పులుపెక్కి ఘాటు పెరుగుతుంది. చెట్టు దింపిన తాటికల్లు పొద్దెక్కేకొద్దీ మారే తీరే ఇది. మొదటిసారి తాగినప్పుడు మా నాన్నకు ఫోను చేసి మరీ చెప్పాను. జాగ్రత్త ఒక్కటే, గాలి పోవడానికి మూత బిగించరు. మా తోడల్లుడు ఒకసారి దాన్ని సంచిలో పడుకోబెట్టి రైలెక్కాడు. ఎదురు సీటు పెద్దావిడ చెప్పులు తడిసేదాకా సంగతి తెలియలేదు. ఆవిడ నవ్వేసింది గానీ సంచిలోని లాప్‌టాప్ మళ్లీ తెరుచుకోలేదు. సీసాను నిలబెట్టి తీసుకెళ్లు, ఫ్రిజ్‌లోనూ నిలబెట్టు.

బొబ్బిలి:

కారు ఉంటే ఇంకొకటి. బండి నడిపేవాళ్ల రక్తంలో మద్యానికి ఇక్కడ మామూలు హద్దు వెయ్యికి 0.5 వంతు. లైసెన్సు కొత్తగా వచ్చి రెండేళ్ల ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లకు, 21 ఏళ్ల లోపువాళ్లకు సున్నా. సైకిలే కదా అనుకోకండి, 1.6 దాటితే అదీ నేరమే. ఖాళీ సీసాలను రంగుల వారీగా వీధి చివర గాజు డబ్బాల్లో వేయాలి, నీలం సీసా ఆకుపచ్చ దాంట్లోకి వెళ్తుంది. ఆదివారం మాత్రం వేయకూడదు, చప్పుడుకు పక్కింటివాళ్లు కిటికీ తెరుస్తారు.

నరసన్నపేట:

అందరికీ ధన్యవాదాలు. సంతకు వెళ్లాను. షాయ్‌రెబె, సిల్వానర్, రీస్లింగ్ మూడూ రుచి చూశాను. మేనేజర్‌కు షాయ్‌రెబె ఫైన్‌హెర్బ్ తీసుకున్నాను, 11 శాతం, మర మూతే. పులుసు రోజుకు మోసెల్ కాబినెట్ 8.5 శాతం దొరికింది. హాఫ్ట్‌ప్లిష్ట్ కూడా నిన్ననే తీసుకున్నాను, ఆమదాలవలస అన్నా. ఇప్పుడు సమస్య చేప. ఇక్కడ బొచ్చె లేదు, కొర్రమీను లేదు. పులుసుకు ఏది విరిగిపోకుండా ఉంటుంది?

ఆమదాలవలస:

కార్ప్ అడుగు, బొచ్చెకు చుట్టమే. కానీ ముళ్లు ఎక్కువ, జర్మన్ల ముందు పెట్టే చేప కాదు.

టెక్కలి:

సాండర్ తీసుకో. ముళ్లు తక్కువ, ముక్క గట్టిగా ఉంటుంది.

రాజాం:

సాండర్ ధర ఎంతో తెలుసా మీకు?