ఏప్రిల్ ఎండలో బందోబస్తు: స్నిఫర్ లాబ్రడార్‌తో ఎంతసేపు వెతికించవచ్చు?

కొత్త_హ్యాండ్లర్

అన్నలకు నమస్తే. జిల్లా డాగ్ స్క్వాడ్‌లో కొత్తగా చేరాను. నాకు అప్పగించింది మూడేళ్ల మగ లాబ్రడార్, 28 కిలోలు, పేలుడు పదార్థాలు పసిగట్టే స్నిఫర్. శ్రీరామనవమికి భద్రాచలం డ్యూటీ పడింది. మిథిలా స్టేడియం, పార్కింగ్, వీఐపీలు వచ్చే దారి అన్నీ చెక్ చేయాలి. ప్రాక్టీసులో 20 నిమిషాల దాకా బాగా వెతుకుతోంది. ఆ తర్వాత నోరు తెరిచి ఒగరుస్తూ, దాచిన పేలుడు పదార్థం శాంపిల్ పక్కనుంచే వెళ్లిపోతోంది. లీష్ లాగి మళ్లీ చూపిస్తే అప్పుడు కూర్చుంటోంది (దొరికిందని అది చెప్పే గుర్తు అదే). ఇది మొండితనమా, నేర్పింది మరిచిపోయిందా, లేక ఎండ వల్లా?

డ్యూటీ ఉన్న రోజు తిండి ఎప్పుడు పెట్టాలి? రౌండ్ల మధ్యలో బండిలో ఏసీ వేసి ఉంచితే సరిపోతుందా? కెన్నెల్‌లో గోమార్లు ఎంత ఏరినా తగ్గట్లేదు, దానికేం చేస్తారు? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

లీష్_పట్టు

తమ్ముడూ, ఎండే. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. పాదాల కింద కాస్త పడుతుంది, మిగతా వేడంతా ఒగర్పు ద్వారానే పోవాలి. వాసన పట్టాలంటే నోరు మూసుకుని, సెకనుకు నాలుగైదు సార్లు ముక్కుతో చిన్నచిన్నగా పీల్చాలి. నోరు తెరిచి ఒగర్చేటప్పుడు ఆ పని జరగదు. అందుకే ఎండ దెబ్బ ఒంటికి తగలకముందే ముక్కుకు తగులుతుంది. కుక్క నడుస్తూనే ఉంటుంది, తోక ఊపుతూనే ఉంటుంది, చూసేవాళ్లకు పని జరుగుతున్నట్టే ఉంటుంది. అప్పుడు నువ్వు 'క్లియర్' అని చెప్పిన చోటు నిజానికి ఎవరూ వెతకని చోటు.

ఆ లీష్ లాగి చూపించడం మాత్రం ఇవాళే మానెయ్. శాంపిల్ ఎక్కడుందో నీకు తెలుసు కాబట్టి అక్కడికి రాగానే నీ అడుగు నెమ్మదిస్తుంది, లీష్ బిగుస్తుంది. కుక్క వాసన వదిలేసి నీ చేతిని గమనించడం మొదలుపెడుతుంది. రేపు నిజమైన వస్తువు దగ్గర నీ చెయ్యి దానికి ఏమీ చెప్పలేదు. శాంపిల్ ఇంకొకరితో దాచిపెట్టించు, చోటు నీకు చెప్పొద్దను. దాచేవాళ్లు గ్లౌజులు వేసుకోవాలి, అవే గ్లౌజులతో రెండు మూడు ఖాళీ డబ్బాలు కూడా పెట్టాలి. లేకపోతే కుక్క గ్లౌజు వాసనకే కూర్చోవడం అలవాటు చేసుకుంటుంది. మధ్యమధ్యలో అసలు ఏ శాంపిలూ లేని రౌండ్లు కూడా వేయించు.

డ్యూటీ రోజు సంగతి. మొదటి రౌండ్ 20 నిమిషాలు, తర్వాత కనీసం అంతే సేపు నీడలో విశ్రాంతి. రెండో రౌండ్ 15, ఎండ ముదిరాక 10 నిమిషాలు చాలు. ఒగర్పు తగ్గి, నోరు మూసుకుని చుట్టూ వాసన చూడటం మొదలుపెట్టాకే తర్వాతి రౌండ్. గడియారం కంటే ఆ మూసుకున్న నోరు ముఖ్యం. తారు పరిచిన పార్కింగ్‌ను తెల్లవారుజామునే ముగించు, నీడ ఉన్న గ్యాలరీలు తర్వాత చూడొచ్చు. తారు మీద నీ అరచేతి వెనుక భాగం 7 సెకన్లు ఆనించలేకపోతే కుక్క పాదం కూడా ఆనించలేదు.

మండపం వెతికేటప్పుడు కూలర్లు, పెద్ద ఫ్యాన్లు ఆపించు. గాలి తిరుగుతుంటే వాసన పుట్టేది ఒక చోట, పోగయ్యేది ఇంకో చోట. కుక్క గోడ మూలన ముక్కు పెట్టి తచ్చాడుతుంటే వెంటనే పక్కకు లాగేయకు, గాలి ఎటునుంచి వస్తోందో చూసి అటువైపు తీసుకెళ్లు. సాంబ్రాణి పొగ వేయకముందే ఆ భాగం పూర్తి చేయనివ్వమని నిర్వాహకులను ముందు రోజే అడుగు.

ఇంకొకటి. గంటలకొద్దీ వెతికినా ఏమీ దొరకకపోతే దాని ఉత్సాహం చచ్చిపోతుంది. దాని దృష్టిలో పని అంటే బంతి కోసం ఆట. డ్యూటీ అయ్యాక అధికారుల అనుమతితో, బందోబస్తు ప్రాంతానికి దూరంగా, ఒక శాంపిల్ దాయించి దొరకనివ్వు, బంతి ఇచ్చి రెండు నిమిషాలు ఆడించు. ఆ తర్వాతే బండెక్కించు.

పశువైద్యం

పై మాటలన్నీ సరైనవే. ఒంటి సంగతి నేను చెబుతాను.

డిజిటల్ థర్మామీటర్ ఒకటి కిట్‌లో పెట్టుకోండి. మలద్వారంలో పెట్టి చూడాలి. విశ్రాంతిగా ఉన్నప్పుడు కుక్క ఉష్ణోగ్రత 101 నుంచి 102.5 ఫారన్‌హీట్. గట్టిగా పనిచేశాక 104, 105 దాకా పోవచ్చు. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు నీడలో 10–15 నిమిషాల్లో అది దిగడం మొదలవ్వాలి. దిగకపోయినా, కుక్క మందకొడిగా ఉన్నా, 106కు చేరినా వడదెబ్బ కిందే లెక్క.

థర్మామీటర్ కంటే ముందు నాలుక చెబుతుంది. మామూలు ఒగర్పులో నాలుక సన్నగా వేలాడుతుంది. వేడెక్కేకొద్దీ కొస గరిటెలా వెడల్పై, అంచులు పైకి లేస్తాయి, పెదాలు వెనక్కి లాగినట్టు ఉంటాయి, కళ్లు పెద్దవవుతాయి. అక్కడే పని ఆపేయాలి. చొంగ జిగటగా తీగలా సాగడం, చిగుళ్లు ఇటుక రంగుకు తిరగడం, వెనక కాళ్లు తూలడం కనిపించాయంటే అప్పటికే ఆలస్యమైంది.

అప్పుడు ముందు చల్లబరచాలి, ఆసుపత్రికి తర్వాత బయల్దేరాలి. ఈ వరుస తప్పడం వల్లే చాలా కుక్కలు దారిలో పోతాయి. దగ్గర్లో ఏ కుళాయి ఉంటే ఆ నీళ్లు ఒళ్లంతా, ముఖ్యంగా పొట్ట కింద, తొడల లోపల ధారగా పోయండి, గాలి విసరండి. తడి తువ్వాలు కప్పి వదిలేయకండి, కాసేపటికి అదే వేడెక్కి దుప్పటిలా పనిచేస్తుంది. 103కు దిగగానే నీళ్లు ఆపేయాలి, లేకపోతే ఇంకా దిగజారిపోతుంది. స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పారాసిటమాల్ అస్సలు వద్దు. ఇది జ్వరం కాదు కాబట్టి పనిచేయదు, పైగా కాలేయానికి ముప్పు. తేరుకున్నట్టు కనిపించినా రెండు మూడు రోజులు మూత్రపిండాలు, రక్తం గడ్డకట్టే తీరు పరీక్షించాల్సిందే.

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోని వర్కింగ్ డాగ్ సెంటర్ వాళ్లు 2024లో ఒక పద్ధతి ప్రచురించారు. పరుగు తర్వాత కుక్క తనంతట తానే బకెట్ నీళ్లలో తల ముంచితే శరీరం త్వరగా చల్లబడుతుంది. ఇది ముందే నేర్పాలి. బకెట్ అడుగున బంతి వేసి, మొదట రెండంగుళాల నీళ్లతో మొదలుపెట్టి, రోజుకింత పెంచండి. తలను బలవంతంగా ముంచొద్దు. స్పృహలో ఉండి, మాట వినే కుక్కకే ఇది.

తాగే నీళ్లు మామూలు రోజున కిలోకు 50–60 మిల్లీలీటర్లు, అంటే మీ కుక్కకు లీటరున్నర. ఎండ డ్యూటీలో రెండింతలు అవసరం పడొచ్చు. ఒకేసారి కాకుండా 20 నిమిషాలకోసారి గ్లాసెడు ఇవ్వండి.

బండి గురించి: ఏసీ వేసి ఉంచొచ్చు, కానీ మనిషి లేకుండా వద్దు. ఇంజిన్ ఆగినా, కంప్రెసర్ ట్రిప్ అయినా లోపల 10 నిమిషాల్లోనే దాదాపు 10 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది. అద్దం కొంచెం దించి ఉంచడం వల్ల పెద్ద తేడా ఉండదు.

కెన్నెల్_డ్యూటీ

తిండి, గోమార్లు నేను చెప్తా.

28 కిలోల పనిచేసే లాబ్రడార్‌కు రోజుకు సుమారు 1400–1700 కేలరీలు కావాలి. మంచి డ్రై ఫుడ్ అయితే 350–450 గ్రాములు. గుడ్డో చికెనో కలిపితే ఆ మేరకు ఇది తగ్గించాలి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే, రెండూ పూర్తిగా పెడతారు. వేళ్లతో తడిమితే పక్కటెముకలు సులువుగా తగలాలి. కొవ్వు పట్టిన లాబ్రడార్ ఎండలో ముందుగా పడిపోతుంది. డ్యూటీ లేని వారంలో పదో వంతు తగ్గించు.

తెల్లవారుజామున డ్యూటీ అయితే పొద్దున పెట్టొద్దు, లేదా మూడు గంటల ముందు కొద్దిగా పెట్టు. తిరిగొచ్చాక ఒగర్పు పూర్తిగా ఆగి గంట గడిచాకే గిన్నె. నిండు కడుపుతో పరిగెత్తితే కడుపు ఉబ్బి మెలిపడే ముప్పు, ముఖ్యంగా జర్మన్ షెపర్డ్, డాబర్‌మన్ లాంటి లోతు ఛాతీ కుక్కలకు. వాంతికి ప్రయత్నిస్తూ ఏమీ రాకపోవడం, పొట్ట డోలులా బిగుసుకోవడం దాని గుర్తులు. అది ఆపరేషన్ కేసు, పొద్దున చూద్దాం అనుకోవద్దు.

గోమార్లు ఏరినా తగ్గకపోవడానికి కారణం, అవి ఎక్కువ కాలం బతికేది కుక్క మీద కాదు, గోడ పగుళ్లలో. ఆడది రక్తం తాగి కిందపడి, పగుళ్లలో వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. సిమెంటుతో పగుళ్లు పూడ్చు, కుక్కను బయట కట్టేసి గోడలకు మందు కొట్టించు, పది పదిహేను రోజులకు మళ్లీ కొట్టించు, ఎందుకంటే మొదటిసారి గుడ్లు చావవు. ఆరి, వాసన పూర్తిగా పోయాకే కుక్కను లోపలికి తే. కుక్కకు ఫ్లూరలానర్ లాంటి నమిలే బిళ్ల మూడు నెలలకోసారి డాక్టరు చెబితే వెయ్యి, మూర్ఛ వచ్చిన చరిత్ర ఉంటే ముందే చెప్పాలి. రోజూ గ్రూమింగ్‌లో చెవి లోపల, వేళ్ల సందుల్లో, కాలర్ కింద, తోక మొదట్లో వేళ్లతో తడుము. ఉన్నట్టుండి పని మందగించినా, ముక్కులోంచి రక్తం వచ్చినా రక్తపరీక్ష చేయించు. అది గోమారు జ్వరం కావచ్చు.

పగలంతా ఏసీ కెన్నెల్‌లో పడుకుని నేరుగా 42 డిగ్రీల్లోకి దిగిన కుక్క తట్టుకోలేదు. పండక్కి రెండు వారాల ముందు నుంచీ పొద్దున కొంచెం ఎండలో నడిపిస్తూ రోజుకు ఐదు నిమిషాలు పెంచు.

కొత్త_హ్యాండ్లర్

అందరికీ కృతజ్ఞతలు అన్నా. డాక్టరు గారూ, ఒక్క మాట. కిందటి వారం దీనికి విరేచనాలు పట్టుకుంటే మెట్రోనిడజోల్ రాశారు, ఇంకా రెండు రోజుల కోర్సు ఉంది. దానికీ వాసన తప్పడానికీ సంబంధం ఉంటుందా?

పశువైద్యం

ఉండొచ్చు. ఇది మొదటే చెప్పాల్సిన విషయం. పేలుడు పదార్థాల స్నిఫర్ల మీద 2016లో వచ్చిన అధ్యయనంలో, మెట్రోనిడజోల్ కిలోకు 25 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు పది రోజులు ఇచ్చినప్పుడు సగం కుక్కలకు వాసన పట్టే శక్తి తగ్గింది. మందు ఆపిన పది రోజుల్లో మళ్లీ మామూలైంది. డాక్సీసైక్లిన్ అనే ఇంకో యాంటీబయాటిక్‌తో అలాంటి తేడా తేలలేదు. అలాగని కోర్సు మీ అంతట మీరు ఆపేయొద్దు. రాసిన డాక్టరుకు ఇది స్నిఫర్ అని చెప్పండి, వేరే మందు ఉందేమో ఆయనే చూస్తారు. చివరి మోతాదు నుంచి పది రోజులు లెక్కపెట్టి, తెల్లవారుజామున చల్లటి వేళ, మీకు చోటు తెలియకుండా దాచిన శాంపిళ్లతో పరీక్షించండి. అన్నీ పట్టుకుంటేనే డ్యూటీకి పంపండి. పండగ అంతకంటే ముందే వస్తే మీ ఆర్‌ఐ (రిజర్వ్ ఇన్‌స్పెక్టర్) గారికి ఇప్పుడే చెప్పి ఇంకో కుక్కను అడగండి.