నాన్న ఆర్‌ఎక్స్ 100: మొత్తం కొత్తగా చేయించాలా, ఉన్నదున్నట్టే ఉంచాలా?

తెనాలి_తమ్ముడు:
అన్నలందరికీ నమస్తే. మా నాన్నగారి యమహా ఆర్‌ఎక్స్ 100, 1989 బండి. తొమ్మిదేళ్లుగా గోతాల వెనక పడుంది. మొన్న సంక్రాంతికి బయటికి లాగాం. ట్యాంకు నల్లరంగు వెలిసిపోయింది. మోకాళ్లు ఆనేచోట రెండు పక్కలా రంగు అరిగి రేకు కనపడుతోంది. ఎడమ పక్క స్టిక్కరు సగమే ఉంది. మడ్‌గార్డుల క్రోము పొక్కులు లేచింది. కిక్కు మాత్రం దిగుతోంది. మెకానిక్కేమో "మొత్తం విప్పేసి షోరూం బండి చేసిచ్చేస్తా, 65 వేలు" అంటున్నాడు. మా బావేమో "చెయ్యి పెట్టావంటే విలువ పోద్ది, అట్టానే ఉంచు" అంటున్నాడు. ఆర్‌సీ 2019లో అయిపోయింది. ఏం చేయమంటారు?

కరీంనగర్_కిక్కు:
తమ్మీ, రంగు ముచ్చట తర్వాత. ముందుగాల ఛాసిస్ నంబర్ మంచిగ తుడిచి ఫొటో తీసి పెట్టుకో. నా గోస చెప్త ఇను. నేను 92 మోడల్ బండి ఫ్రేమును పౌడర్ కోటింగ్‌కు ఇచ్చిన. ఆయన ఇసుక కొట్టి తుప్పు తీసిండు, మీదికెళ్లి మందంగ కోటింగ్ ఏసిండు. అద్దం లెక్క మెరిసింది, మస్తు ఖుషీ అయిన. ఆర్‌సీ రెన్యువల్‌కు పోతే ఇన్‌స్పెక్టర్ కాగితం పెట్టి పెన్సిల్ రుద్దిండు. నంబర్ల సగం అచ్చు పడలే. మూడా ఎనిమిదా తెల్వది. మూడుసార్లు వాపస్ పంపిండ్రు. ఆఖరికి రిమూవర్ పూసి నంబర్ కాడి కోటింగ్ మొత్తం గీకిన. ఇప్పుడు 18 వేల ఫ్రేము మీద బొల్లి మచ్చ ఉన్నది.

ఆటోనగర్_91:
ముప్పయ్యేళ్ల పైబడి ఈ టూ స్ట్రోకు బళ్లతోనే ఉన్నాను, నా మాట విను అబ్బాయ్. మీ మెకానిక్ చెప్పినట్టు పెయింటుతో మొదలుపెట్టేవాడు మెకానిక్కే కాదు, డెకరేటరు. తొమ్మిదేళ్లు ఆగిన బండికి ఇంజన్లో క్రాంకు రబ్బరు సీళ్లు ఎండిపోయి బిస్కెట్టులా ఉంటాయి. మాగ్నెట్ వైపు సీలు పోతే గాలి లాక్కుని పిచ్చిగా రేసవుద్ది. క్లచ్ వైపు పోతే గేరాయిల్ తాగి తెల్లపొగ కక్కుద్ది. ముందు ప్లగ్గు ఊడదీసి నాలుగు చుక్కల టూటీ (టూ స్ట్రోకు) ఆయిల్ వేసి చేత్తో మెల్లగా తిప్పు. సీళ్లు మార్చకుండా స్టార్ట్ చేయొద్దు. ఇంకోటి, విప్పినప్పుడే ఇంజన్లోకి టూటీ ఆయిల్ తోసే ఆ పంపు పీకేసి దాని రంధ్రం మూసేయ్. హాయిగా ఆయిల్ని పెట్రోల్లోనే కలుపుకో. లీటరుకి 25 మిల్లీ, అంతే సంగతులు.

మదనపల్లి_ఘాటు:
పంపు పీకేమంటావా సామీ? ముప్పయ్యేండ్ల అనుభవం అని చెప్పి ఈ మాటేనా? యమహావోడు ఆటోల్యూబ్ అని ఆ పంపు పెట్టింది షోకుకు కాదు. ఇంజను తిరిగే వేగాన్ని బట్టి, యాక్సిలరేటరు తిప్పిందాన్ని బట్టి ఆయిల్ ఎంత పోవాలో అంతే పోతుంది. నువ్వు పెట్రోల్లో కలిపినావనుకో, హార్స్‌లీ కొండ దిగేటప్పుడు యాక్సిలరేటరు మూసి గేర్లో వదిలితే పెట్రోలూ పోదు, ఆయిలూ పోదు. ఇంజను మాత్రం గిరగిరా తిరుగుతా ఉంటాది. మా చిన్నాయన బండి అట్లనే మూడో మలుపులో పట్టేసింది. వెనక చక్రం లాక్ అయి మోచేయి ఇరగ్గొట్టుకున్న్యాడు.

ఆటోనగర్_91:
మీ చిన్నాన్నకి క్లచ్ పట్టుకోవడం రాకపోతే దానికి నేనేం చేయను? బెజవాడలో కొండలెక్కడున్నాయ్? నా షెడ్డుకొచ్చే పట్టేసిన ఇంజన్లలో ఎక్కువ పంపు బళ్లే. ఆయిల్ అయిపోయింది ఎవడూ చూసుకోడు. పంపు కేబులు తెగితే తెలీదు. గొట్టంలో గాలి బుడగ చేరితే అసలు తెలీదు. పెట్రోల్లో కలిపితే కళ్లకి కనపడుద్ది. పోశాను, కలిపాను, అయిపోయింది.

మదనపల్లి_ఘాటు:
బుడగ వస్తే పంపు పక్కన స్క్రూ వదులు చేసి, బుడగ పోయేదాకా ఆయిల్ కారనిచ్చి బిగించాల. రెండు నిమిషాల పని. అది రానోళ్లే పీకేది. పీకినాక ఆ బండి ఒరిజినల్ యాడిది?

జావా_బాబాయ్:
పిల్లలు కొట్టుకుంటున్నారని చూస్తున్నాను. ఆర్‌ఎక్స్‌ని క్లాసిక్ అనడం నాకింకా నోరు తిరగదు. మావి మైసూరు బళ్లు నాయనా, 1961 నుంచి ఐడియల్ జావా వాళ్లు చేసినవి. కిక్కు రాడ్డే గేరు రాడ్డు. మీ కుర్రాళ్లకి ఇస్తే కిక్కు ఎక్కడుందో వెతుక్కుంటారు. నాది 1968 బండి. 2021లో కేంద్రం వింటేజ్ రూలు తెచ్చింది కదా, 50 ఏళ్లు దాటిన బళ్లకి వీఏ సిరీస్ నంబరు. కొత్తగా రిజిస్ట్రేషన్‌కి 20 వేలు, పదేళ్ల తర్వాత మళ్లీ 5 వేలు. ఆ రూల్లో స్పష్టంగా రాశారు, బండి అసలు రూపంలోనే ఉండాలి, ఛాసిస్సూ బాడీ ఇంజనూ భారీగా మార్చి ఉండకూడదని. మీ 89 బండికి 2039లో ఆ అర్హత వస్తుంది. అప్పటిదాకా ఆ 65 వేలు జేబులో ఉంచుకో.

గోదారి_గణపతి:
బాబాయ్ గారూ, వీఏ నంబరు వేయించుకుంటే రోజూ తిరగడానికి లేదండి. ప్రదర్శనకీ, ర్యాలీకీ, పెట్రోలు కొట్టించుకోడానికీ, రిపేరుకీ మాత్రమేనండి. బండి ఉన్నది నడపడానికా, దండ వేయడానికా?

జావా_బాబాయ్:
జులై రెండో ఆదివారం జావా డే నాడు రా, ఎవరు దండ వేసుకు కూర్చున్నారో చూద్దువుగాని.

బే_ఏరియా_బండోడు:
ఒరిజినల్ పోస్టుకి జవాబు చెప్పేవాళ్లే లేరా? నేను చెప్తాను, నావి కాలిన చేతులు. మా మావయ్య బండి ఇలాగే చేయించాను. నేనిక్కడ, బండి అక్కడ. వారం వారం వీడియో కాల్. లైట్లు పెట్టి, ట్యాంకు మీద నీళ్లు చల్లి చూపించేవాడు, మెరిసిపోయేది. లక్షా పది వేలు పంపాను. నిరుడు ఇండియా వచ్చి దగ్గరగా చూస్తే కార్బొరేటరు మీద మికుని కంపెనీ అచ్చు లేదు, ఏదో లోకల్ సరుకు. మీటరు డయలు అంకెలు లావుగా ఉన్నాయి. హబ్బులు కూడా వేరే. మావయ్య బండిలో మిగిలింది ఫ్రేమూ, ఇంజన్ కేసూ, ఆర్‌సీ. పాత సామాను ఏదంటే "తుక్కు సార్, తూకానికి వేసేశాం" అన్నాడు. ఆ తుక్కే ఇంకో బండికి బిగించి అమ్ముకున్నాడని నా అనుమానం. తమ్ముడూ, ఏం చేయించినా సరే, ఊడదీసిన ప్రతి నట్టూ సంచిలో వేసి ఇంటికి తెచ్చుకో.

కరీంనగర్_కిక్కు:
అన్న చెప్పింది కరెక్ట్. తమ్మీ, ఛాసిస్ నంబర్ ఫొటో తీసినవా?

గోదారి_గణపతి:
క్రోము గురించి ఒక ముక్కండి. కొత్త క్రోము వేయించినా పాతదానిలా రాదండి. అప్పటి పూత కింద నికెల్ మందంగా ఉండేది. ఇప్పుడు పైపైన ముంచి ఇచ్చేస్తున్నారు, రెండు వర్షాకాలాలకి మళ్లీ పొక్కులే. నేనైతే అల్యూమినియం ఫాయిలు ఉండ చేసి, నీళ్లలో తడిపి రుద్దానండి. తుప్పు చుక్కలు చాలామటుకు పోయాయి. ఖర్చు వంటింట్లో మా ఆవిడ తిట్లు. ట్యాంకు మాత్రం అశ్రద్ధ చేయకండి. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ 20 శాతం ఉంటోంది, అది తేమ లాక్కుంటుంది. నేను మూడు నెలలు కదపకుండా వదిలేస్తే ట్యాంకు అడుగున ఎర్రనీళ్లు చేరాయండి. కార్బొరేటర్ గిన్నె విప్పితే మా ఇంటి కాఫీ డికాక్షనేనండి, ఆయ్.

రేసర్_రాజు_విశాఖ:
ఇదంతా ముసలోళ్ల గోలలా ఉంది. పోర్టింగ్ చేయించు బ్రో, అదే ఇంజన్ లోపలి దారులు వెడల్పు చేయించు, రీడ్ వాల్వ్ మార్చు, సైలెన్సర్ లోపలి గొట్టం పీకెయ్, బీచ్ రోడ్ మీద సౌండ్ అదిరిపోద్ది.

ఆటోనగర్_91:
ఆ గొట్టం పీకితే శబ్దమే మిగులుద్ది, కింద లాగే దమ్ము పోద్ది. పోలీసులు అలాంటి సైలెన్సర్లని వరసగా పేర్చి రోడ్డు రోలరు తొక్కిస్తున్నారు, వార్తల్లో చూళ్లేదా? 98 సీసీకి 11 గుర్రాలు కంపెనీవాడే ఇచ్చాడు, నూరు కిలోల బండికి అంతకన్నా ఏం కావాలి?

మదనపల్లి_ఘాటు:
కంపెనీవోడు ఆయిల్ పంపు కూడా ఇచ్చినాడు గురువుగారూ. అది మాత్రం నీకు అక్కర్లేదు.

ఆటోనగర్_91:
నీకు పంపు తప్ప ఇంకో మాట రాదా? ఒకసారి షెడ్డుకి రా, రెండు క్రాంకులు విప్పి పక్కపక్కన పెట్టి చూపిస్తా, ఏ బేరింగు ఎలా ఉందో నువ్వే చెప్పు. లేకపోతే నోరు మూసుకో.

బే_ఏరియా_బండోడు:
అన్నా, పర్సనల్‌గా వద్దు. పాపం ఆ అబ్బాయి ఒక ప్రశ్న అడిగి రెండు వారాలైంది.

తెనాలి_తమ్ముడు:
అందరికీ థ్యాంక్స్ అన్నా. పెయింట్ ఆపేశాను. ఇంజన్ ఒక్కటే విప్పించాను, పక్కనే స్టూలేసుకుని కూర్చున్నా. సీళ్లు ఆటోనగర్ అన్న చెప్పినట్టే గట్టిపడి గోటికి పెచ్చులుగా ఊడొచ్చాయి. పిస్టన్ నెత్తి మీద 50 అని గుద్ది ఉంది. అంటే కంపెనీ పిస్టనే కదా? ఆర్‌ఎక్స్ బోరు 50 మిల్లీమీటర్లేగా?

ఆటోనగర్_91:
కాదబ్బాయ్. బోరు, అంటే పిస్టన్ ఆడే గొట్టం వెడల్పు 50, స్ట్రోకు 50, అది నిజమే. కానీ నెత్తి మీద గుద్దే అంకె ఓవర్‌సైజుది, బోరు అరిగితే పెద్దది చేసి వేసే పిస్టన్‌ది. 25, 50, 75, 100 అని పావు మిల్లీ చొప్పున పెరుగుద్ది. స్టాండర్డయితే ఆ అంకెలుండవు. వెర్నియర్ పెట్టి కొలువు.

తెనాలి_తమ్ముడు:
కొలిపించాను అన్నా. పిస్టన్ కింది భాగం, స్కర్టు దగ్గర 50 మీద దాదాపు అర మిల్లీ ఎక్కువే ఉంది. అంటే నాన్న ఎప్పుడో బోరు కొట్టించారన్నమాట, ఇంట్లో ఎవరికీ తెలీదు. ఇంకో సంగతి. సైడు ప్యానెల్ లోపలివైపు బట్టతో తుడుస్తుంటే నలుపు కింద ఎరుపు కనపడింది. పాత ఆర్‌సీ పుస్తకం తీసి చూస్తే రంగు దగ్గర రెడ్ అని ఉంది. అమ్మనడిగితే "ఎరుపు మీద దుమ్ము కనపడుతుందని మీ నాన్నే నల్లది కొట్టించారు, నువ్వు పుట్టిన ఏడు" అంది. ఇప్పుడు ఒరిజినల్ అంటే ఏది?

జావా_బాబాయ్:
ఆర్‌సీలో ఏముంటే అదే. చెర్రీ రెడ్ కొట్టించు.

గోదారి_గణపతి:
అదెలాగండీ? ఇన్నేళ్లూ ఆయన తిరిగింది నల్లబండి మీద. మోకాళ్ల దగ్గర అరిగింది నల్లరంగు. దాని మీద ఎరుపు కొట్టిస్తే ఆ అరుగుదల కూడా పోతుందండి.

రేసర్_రాజు_విశాఖ:
రెడ్ కొట్టించు బ్రో, నల్ల స్ట్రైపులతో. ఇద్దరూ ఖుషీ.

మదనపల్లి_ఘాటు:
రంగు ఏదన్నా కొట్టుకో. పంపు ఉందా, పీకేసినారా? అది చెప్పు ముందు.

తెనాలి_తమ్ముడు:
పంపు ఉంది అన్నా, గొట్టంలో పాత ఆయిల్ బెల్లం పాకంలా గడ్డ కట్టింది. మెకానిక్ పీకేద్దామన్నాడు, నేను వద్దన్నా. కొత్త గొట్టం వేయించి, స్క్రూ వదిలి గాలి తీయించాను. మీరిద్దరూ ఒప్పుకునేలా మొదటి అయిదు లీటర్లకి పెట్రోల్లో కూడా కాస్త కలిపాను. నిన్న సాయంత్రం పదహారో కిక్కుకి అందుకుంది. వీధంతా పొగ. ఎదురింటి పెద్దాయన బయటికొచ్చి "ఏరా, మీ నాన్నొచ్చాడనుకున్నా" అన్నాడు.

ఆటోనగర్_91:
మంచిది. మొదటి వెయ్యి కిలోమీటర్లు స్పీడు 50 దాటించకు. ప్లగ్గు ఊడదీసి రంగు చూడు, కాఫీ పొడి రంగుంటే సరే. తెల్లగా ఉంటే కార్బొరేటర్లో పెట్రోలు వదిలే మెయిన్ జెట్టు ఒక నంబరు పెంచు. ఆ కొండాయన మాట విని పంపు ఉంచావు, సరే. అర లీటరు ఆయిల్ డబ్బా ఒకటి ఎప్పుడూ వెంట పెట్టుకో.

కరీంనగర్_కిక్కు:
గింత లొల్లి అయింది, నేను అడిగినదానికి ఎవ్వలు జవాబియ్యలే. తమ్మీ, ఛాసిస్ నంబర్ ఫొటో తీసినవా లేదా?