రోజూ ఒంటి మీద పెట్టుకోడానికి చిన్న పిస్టల్: గ్లాక్ 19 నా, పీ365 నా? డల్లాస్ వైపు వాళ్ళు చెప్పండి

కొత్త_కార్డు:
అందరికీ నమస్తే. పన్నెండేళ్ళు ఎదురుచూస్తే పోయినేడు గ్రీన్‌కార్డ్ వచ్చింది. హెచ్1బి మీద ఉన్నన్నాళ్ళూ గన్ జోలికే పోలేదు, వేట లైసెన్స్ లాంటి మినహాయింపు ఏదైనా ఉంటే తప్ప ఆ వీసా మీద తుపాకీ దగ్గర పెట్టుకోవడమే ఫెడరల్ నేరం కదా. ఇప్పుడు కొందామనుకుంటున్నా. ఇంట్లో బీరువాలో దాచడానికి కాదు, రోజూ ఒంటి మీద, బయటికి కనపడకుండా. నేను 5 అడుగుల 6, సన్నగా ఉంటా, ఆఫీసుకి షర్ట్ ఇన్ చేసుకుని పోతా. రేంజ్‌లో రెండు అద్దెకి తీసుకుని కాల్చి చూశా. గ్లాక్ 19 చేతిలో బాగా కూర్చుంది, గురి కూడా కుదిరింది. సిగ్ పీ365 చొక్కా కింద ఇట్టే మాయమవుతుంది గానీ పేలిస్తే చేతిలో ఎగిరిపడుతోంది, రెండో రౌండ్ (బుల్లెట్) ఎటో పోతోంది. ఇంట్లో 4 ఏళ్ళ పాప ఉంది. మా ఆవిడకి ఇంకా చెప్పలేదు. ఏది తీసుకోమంటారు?

ఫ్రిస్కో_నాన్న:
బ్రదర్, నీ చెయ్యే నీకు జవాబు చెప్పేసింది, గ్లాక్ 19. 1988 నుంచి ఉన్న మోడల్, మేగజైన్‌లో 15, చాంబర్‌లో 1. బ్యారెల్ 4 అంగుళాలు. పట్టు పూర్తిగా అందుతుంది కాబట్టి రెండో రౌండ్, మూడో రౌండ్ కూడా అనుకున్న చోటికే పోతాయి. పీ365 అంటే 10+1. 2018 లో వచ్చినప్పుడు అంత చిన్నదానిలో పది పట్టడం గొప్పే, కాదనను, కానీ చిన్న గన్‌తో బాగా కాల్చాలంటే పెద్దదానికంటే ఎక్కువ ప్రాక్టీస్ కావాలి, అందరూ చేసేది తిరకాసు పని, చిన్నది కొని ప్రాక్టీస్ మానేస్తారు. దాచడం అంటావా, అది తుపాకీ పని కాదు, బెల్టూ హోల్‌స్టర్ పని. గట్టి గన్ బెల్ట్, ట్రిగ్గర్ మొత్తం కప్పే కైడెక్స్ (గట్టి ప్లాస్టిక్) హోల్‌స్టర్, అంటే గన్ పెట్టుకునే ఒర, కొను. మామూలు లెదర్ బెల్ట్ మీద ఏ గన్ పెట్టినా వేలాడుతుంది.

సేఫ్టీ_ముఖ్యం:
ఏది కొన్నా బొటనవేలితో నొక్కే సేఫ్టీ ఉన్నదే కొనండి. గ్లాక్‌కి అది లేదు. పీ365 లో ఆ సేఫ్టీ ఉన్న మోడల్ దొరుకుతుంది.

పాలమూరు_దుకాణం:
తమ్మీ, నేను ఫోర్ట్‌వర్త్ తూర్పు దిక్కు 19 ఏండ్ల సంది గ్యాస్ స్టేషన్ నడుపుతున్న. నాది స్మిత్ అండ్ వెసన్ 642, అయిదు రౌండ్ల రివాల్వర్. బరువు 15 ఔన్సులు దాటదు, ప్యాంటు జేబుల వడేస్తే ఉన్నట్టే తెల్వదు. హ్యామర్ (గుండును పేల్చే సుత్తి ముక్క) లోపలనే ఉంటది, గుడ్డకు చిక్కుకోదు. జామ్ అయితదన్న భయం తక్కువ, ఒకటి పేలకుంటే మల్ల ట్రిగ్గర్ గుంజు, ఇంకోటి వస్తది. 16 రౌండ్లు ఏం జేసుకుంటవ్? కౌంటర్ మీదికొచ్చినోడు నీకు మూడు సెకండ్లు గూడ ఇయ్యడు. ఇంట్ల ఆడోళ్ళకు గూడ రివాల్వరే అల్కగుంటది, స్లయిడ్ (పిస్టల్ మీద ఎన్కకు జరిగే ముక్క) గుంజే పని లేదు.

నైట్‌షిఫ్ట్_నర్స్:
అన్నా, మీ అనుభవం మీద గౌరవం ఉంది గానీ ఆ చివరి మాట దగ్గర ఆగండి. నేను రాత్రి డ్యూటీ నర్స్‌ని, ఏడేళ్ళ నుంచి క్యారీ చేస్తున్నా (హాస్పిటల్ లోపలికి తీసుకెళ్ళను, కార్లో బోల్ట్ చేసిన లాక్‌బాక్స్‌లో ఉంటుంది). మొట్టమొదట గన్ షాపులో నాకూ మీరన్న మాటే చెప్పి చిన్న రివాల్వర్ అంటగట్టారు. ఆ ట్రిగ్గర్ లాగాలంటే 12 పౌండ్ల దగ్గర బలం కావాలి, గన్నేమో పౌండు బరువు కూడా ఉండదు. లాగేలోపు గురి పక్కకి పోతుంది, పేలితే ఆ దెబ్బంతా అరచేతికే. 20 రౌండ్లకి మణికట్టు వాచింది, నేను గన్నుకే పనికిరాననుకుని ఏడాది పాటు దాన్ని ముట్టుకోలేదు. తర్వాత ఇంకో ఆవిడ రేంజ్‌లో స్లయిడ్ ఎలా లాగాలో చూపించింది, గన్ ఒంటికి దగ్గరగా పెట్టి ఎడమ చేత్తో స్లయిడ్ పట్టి కుడి చేతిని ముందుకి తోయడం, అంతే. ఇప్పుడు పీ365 వాడతా. చిన్న రివాల్వర్ బాగా అలవాటున్నవాళ్ళ ఆయుధం, కొత్తవాళ్ళది కాదు, ఆడైనా మగైనా.
ఇంకోటి, బెల్టు బెల్టు అంటున్నారు, చుడీదార్‌కి బెల్ట్ ఎక్కడ పెట్టమంటారు?
కొత్త కార్డు గారూ, మీ ఆవిడకి చెప్పలేదన్నారు. ముందు ఆ పని చూడండి.

ఆస్టిన్_స్టూడెంట్:
నేను ఎఫ్1 (స్టూడెంట్ వీసా) మీద ఉన్నా, రాత్రి లేటుగా రూమ్‌కి నడిచి రావాలి. సిటిజన్ ఫ్రెండ్ పేరు మీద కొని నేను పెట్టుకోవచ్చా?

ఫ్రిస్కో_నాన్న:
@ఆస్టిన్_స్టూడెంట్ వద్దు తమ్ముడూ, ఆ ఆలోచనే వద్దు. గన్ కొనేటప్పుడు షాపులో నింపే 4473 ఫారంలో అసలు కొనేది నువ్వేనా అని అడుగుతారు, అక్కడ మీ ఫ్రెండ్ అబద్ధం రాసినట్టవుతుంది. 2022 చట్టం తర్వాత అలా వేరేవాళ్ళ కోసం కొంటే 15 ఏళ్ళ దాకా జైలు. నువ్వు దగ్గర పెట్టుకుంటే నీకూ కేసు, పైగా ఇక్కడి నీ బతుకంతా పోతుంది. టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి లైసెన్స్ లేకుండానే క్యారీ చేయొచ్చని విని చాలామంది మోసపోతున్నారు, అది చట్టప్రకారం గన్ పెట్టుకునే అర్హత ఉన్నవాళ్ళకి మాత్రమే.
@పాలమూరు_దుకాణం అన్నా, మూడు సెకండ్లు అన్నారు. ఆ మూడు సెకండ్లలో భయంతో వేసిన రౌండ్లు సగం గోడకే పోతాయి. ఇద్దరొస్తే? అయిదులో ఎన్ని మిగులుతాయి?

పాలమూరు_దుకాణం:
గోడకు వోయే రౌండ్లు ఎవరికి తాకుతయో సోంచాయించినవా? నా దుకాణంల గోడ అవుతల లాండ్రీ ఉంది, పిల్లజెల్ల కూసుంటరు. 16 వేస్తే 16 కి నువ్వే జవాబుదారి.

సేఫ్టీ_ముఖ్యం:
అందుకే సేఫ్టీ ఉన్న మోడల్ అన్నాను.

ఫ్రిస్కో_నాన్న:
ఆ సేఫ్టీకీ గోడకీ సంబంధం లేదండీ. భయంలో ఉన్నప్పుడు ఆ మీట దించడం మర్చిపోయినవాళ్ళు ఎందరో. హోల్‌స్టర్ గట్టిదైతే ట్రిగ్గర్‌ని ఏదీ తాకదు, అదే సేఫ్టీ. మళ్ళీ లోపల పెట్టేటప్పుడు మాత్రం కంటితో చూసుకుంటూ నిదానంగా పెట్టాలి, చొక్కా అంచు ట్రిగ్గర్‌లో ఇరుక్కుంటే ప్రమాదం.

ఇర్వింగ్_వాసి:
గుడికి పోయేవాళ్ళు ఒకటి ఆలోచించండి. ముందు వైపు బొడ్డు పక్కన పెడితే నేల మీద బాసింపట్టు వేసుకుని గంట కూర్చోలేరు, పిడి పొత్తికడుపులో గుచ్చుకుంటుంది. నడుము పక్కన పెడితే సాష్టాంగం చేసినప్పుడు చొక్కా లేచిపోతుంది. అభిషేకానికి చొక్కా తీయాల్సొస్తే సంగతి చెప్పక్కర్లేదు. 2019 నుంచి టెక్సస్‌లో ప్రార్థనా స్థలాల్లో క్యారీ మీద ప్రత్యేక నిషేధం లేదు, కానీ గుడివాళ్ళు నోటీసు బోర్డు పెడితే లోపలికి తేకూడదు. నేనైతే గుడికి తేను.

ఫ్రిస్కో_నాన్న:
మరి కార్లో వదిలేస్తారా? ఈ ఊళ్ళో దొంగల చేతికి గన్లు పోయేది ఎక్కువగా పార్కింగ్‌లోని కార్ల నుంచే. అందుకే ఎప్పుడూ ఒంటి మీదే ఉండాలి అనేది.

నైట్‌షిఫ్ట్_నర్స్:
ఎప్పుడూ ఒంటి మీదే ఉండాలంటారు, అలా ఉండాలంటే చిన్నదీ పల్చనిదీ కావాలి కదా నాన్న గారూ. మీ 19 ఖాళీగానే 21 ఔన్సుల పైన, మందం 1.3 అంగుళాల పైనే. పీ365 ఖాళీగా 18 ఔన్సుల లోపు, మందం అంగుళం చిల్లర. గన్‌ని బయటపెట్టేది బ్యారెల్ కాదు, పిడి పొడుగు. గన్ మొత్తం ఎత్తు 19 కి 5 అంగుళాలు, పీ365 కి 4.3. సన్నగా ఉన్న మనిషి షర్ట్ ఇన్ చేస్తే ఆ ముప్పావు అంగుళమే తేడా. ఆయనకి మధ్యది కావాలంటే గ్లాక్ 43ఎక్స్ ఉంది, పిడి ఎత్తు 19 అంతే గానీ పల్చగా ఉంటుంది, పది రౌండ్లు.

ఫ్రిస్కో_నాన్న:
పది, పది, పది. అందరూ పదికే సర్దుకుంటున్నారు. 2023 మే 6 న అలెన్ అవుట్‌లెట్ మాల్‌లో ఏం జరిగిందో ఈ వైపు తెలుగువాళ్ళకి వేరే చెప్పాలా? ఒకడు కాల్పులు జరిపి 8 మందిని చంపాడు, వాళ్ళలో మన హైదరాబాద్ అమ్మాయి ఒకరు. వాడి చేతిలో రైఫిల్ ఉంది. వేరే పని మీద అక్కడే ఉన్న ఒక్క అలెన్ పోలీసు వాణ్ణి ఆపాడు. అలాంటోడి ముందు అయిదు రౌండ్ల బొమ్మ పట్టుకుని నిలబడతారా?

పాలమూరు_దుకాణం:
బొమ్మ అన్నవ్ గదా, ఇగ నేను జెప్త ఇను. నువ్వు గేటు వెట్టిన కాలనీల ఉంటవ్, ఇంట్ల కూసోని లాప్‌టాప్ మీద పనిజేస్తవ్, సాయంత్రం రేంజ్‌ల కాగితానికి బొక్కలు వెట్టి ఫోటో దిగుతవ్. మీకు ఇది షోకు. మాకు గాదు. నా తాన రాత్రి ఒంటిగంటకు తల్పు తెర్సుకొని ఎవడొస్తడో తెల్వదు. పండుగకు కలిస్తే "ఇంకా ఆ స్టోరేనా అన్నా" అని అడిగేది మీరే. ఇప్పుడు గన్ గురించి నాకు జెప్పేది గూడ మీరేనా?

బేకర్స్‌ఫీల్డ్_బాబు:
అన్నా శాంతించు. ఇక్కడ కాలిఫోర్నియాలో మేగజైన్‌కి పదే పరిమితి, మాకు ఈ గొడవే లేదు.

ఫ్రిస్కో_నాన్న:
షోకు అన్నారు కాబట్టి చెప్తున్నా, ఇంతవరకు ఎక్కడా రాయలేదు. ఆ రోజు మా ఆవిడ ఆ మాల్ పార్కింగ్‌లో ఉంది, పెద్దోడికి బూట్లు కొనడానికి వెళ్ళింది. చప్పుడు విని కారు సీటు కింద దూరి నాకు ఫోన్ చేసింది, మాట్లాడలేకపోతోంది, ఊపిరి చప్పుడు మాత్రం వినపడుతోంది. నేను ఫ్రిస్కోలో ఇంట్లో ఉన్నా, గన్ కూడా ఇంట్లోనే ఉంది, ఉండీ ఏం లాభం. 40 నిమిషాలు ఆ ఫోన్ పట్టుకుని కూర్చున్నా. గేటెడ్ కాలనీలో ఉన్నోడికి భయపడే హక్కు లేదా అన్నా? పాపం పుణ్యం ఆలోచించి మాట్లాడండి. కాగితానికి నేను పెట్టే బొక్కలన్నీ ఆ 40 నిమిషాల కోసమే.

పాలమూరు_దుకాణం:
అది నాకు తెల్వదు. షోకు అన్న మాట వాపస్ తీసుకుంటున్న.
నేను గూడ ఒకటి జెప్పాలె. 2016 ల నా తాన ఉన్నది పెద్ద గన్నే, 15 రౌండ్లదే. పన్నెండు గంటలు స్టూల్ మీద కూసుంటే నడుముల గుచ్చుతుండె, బరువనిపించి తీసి కౌంటర్ కింది సొరుగుల వెట్టిన. ఆ రాత్రి ఒకడు వచ్చిండు. సొరుగు నాకు రెండడుగుల దూరం. రెండడుగులే. నేను కదలలే. గల్ల పెట్టె తీస్తున్న మా తమ్మునికి భుజంల బుల్లెట్ వోయింది. బతికిండు, కానీ ఇప్పటికి ఆ చెయ్యి పైకి లేవది. గందుకే అయిదు రౌండ్లది జేబుల వెట్టుకుంటున్న. 15 ఉన్నది సొరుగుల ఉండె, గదీ సంగతి. నీ 19 ని నువ్వు దినాం వెట్టుకుంటున్నవా, నిజం జెప్పు.

ఫ్రిస్కో_నాన్న:
వారంలో నాలుగు రోజులు. ఎండాకాలం ఇంకా తక్కువ. నిజం అడిగారు కాబట్టి నిజమే చెప్పాను. అయినా ఒంటి మీద ఉన్న నాలుగు రోజులూ నాకు 15 కావాలి, అక్కడ మాత్రం నా మాట మారదు.

నైట్‌షిఫ్ట్_నర్స్:
నేనూ చెప్తాను. మొదట్లో హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టేదాన్ని. ఒకరింట్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్ళి బ్యాగ్ సోఫా మీద పెట్టి ప్రసాదం అందుకోడానికి లేచా. తిరిగొచ్చేసరికి వాళ్ళ మూడేళ్ళ బాబు జిప్ తీసేశాడు, చెయ్యి లోపల ఉంది. గన్ హోల్‌స్టర్‌లో ఉంది కాబట్టి ఏమీ కాలేదు. ఆ తల్లి మొహం నాకు ఇంకా గుర్తుంది, మళ్ళీ వాళ్ళింటికి నన్ను పిలవలేదు, పిలవకపోవడంలో తప్పు లేదు. ఆ రోజుతో బ్యాగ్ మానేసి బెల్లీ బ్యాండ్‌కి (నడుముకి చుట్టుకునే పట్టీ) మారా, ట్రిగ్గర్ మీద గట్టి తొడుగు ఉన్నది.
టెక్సస్‌లో 17 ఏళ్ళ లోపు పిల్లల చేతికి లోడ్ చేసిన గన్ అందేలా వదిలేస్తే అది నేరం. చట్టం సంగతి తర్వాత, నాలుగేళ్ళ పాప ఉన్న ఇల్లు అది. ఇంతసేపూ 10 నా 15 నా అని కొట్టుకుంటున్నాం. ఆయన సాయంత్రం ఇంటికొచ్చి ప్యాంటు మార్చుకునేటప్పుడు అది ఏ చోటికి పోతుందో ఎవరం అడగలేదు.

సేఫ్టీ_ముఖ్యం:
పిల్లలున్న ఇంట్లో సేఫ్టీ ఉన్న మోడల్ అని మొదటి నుంచీ చెప్తున్నా.

నైట్‌షిఫ్ట్_నర్స్:
ఆ మీట నాలుగేళ్ళ పిల్ల కూడా దించగలదండీ. తాళం కావాలి, మీట కాదు.

కొత్త_కార్డు:
రెండ్రోజులు రాలేకపోయా. అందరి మాటలూ చదివా, కొన్ని రెండుసార్లు చదివా. నిన్న రాత్రి మా ఆవిడకి చెప్పాను. కోప్పడుతుందనుకున్నా, కోప్పడలేదు. "మన పాప వాళ్ళింటికి ఆడుకోడానికి పోతే వాళ్ళింట్లో గన్ ఉందా అని నేను ఎప్పుడూ అడుగుతా, రేపు వాళ్ళు మనల్ని అడిగితే నేనేం చెప్పాలి" అంది. నా దగ్గర జవాబు లేదు.
ముందు మంచం పక్కన గోడకి బిగించే సేఫ్, వేలిముద్రది కాకుండా మీటలు నొక్కేది, ఆర్డర్ పెట్టాం, కోడ్ ఇద్దరికీ తెలుస్తుంది. లైసెన్స్ తప్పనిసరి కాకపోయినా ఎల్‌టీసీ (టెక్సస్ క్యారీ లైసెన్స్) క్లాస్‌కి ఇద్దరం కలిసి పేరిచ్చాం, 3, 7, 15 గజాల నుంచి 50 రౌండ్ల పరీక్ష ఉంటుందట. తను కాల్చి చూసి తర్వాతే సరే అంటుందో కాదంటుందో చెప్తానంది. కాదంటే కొనను. సరే అంటే 43ఎక్స్ అద్దెకి తీసుకుని చూస్తా.

పాలమూరు_దుకాణం:
మంచిగ జేసినవ్ తమ్మీ. క్లాస్ అయినంక ఒక ఆదివారం రేంజ్‌కు రా, చెల్లెను గూడ తీస్కరా. నా 642 గూడ కాల్సి చూడు, చెయ్యి నొస్తే నొస్తదని జెప్పు, నేనేమనుకోను. ఫ్రిస్కో అన్నా, నువ్వు గూడ వస్తే నీ 19 తెచ్చుకో.

ఫ్రిస్కో_నాన్న:
వస్తా. రెండు బాక్సుల రౌండ్లు నావి.