డిసెంబరులో ఆర్వీ, రెండు పెద్ద కుక్కలు: డెన్వర్ నుంచి టక్సన్ దాకా ఎలా వెళ్ళాలి?

ప్రశ్న (అరోరా, కొలరాడో నుంచి)

అందరికీ నమస్కారం. టక్సన్‌లో అన్నయ్య వాళ్ళింటికి గుంటూరు నుంచి అమ్మానాన్న వచ్చారు. క్రిస్మస్ సెలవులకి మేమూ వెళ్దామనుకుంటున్నాం. చిక్కల్లా కుక్కలతోనే. భీముడు జర్మన్ షెపర్డ్, ఐదేళ్ళు, 95 పౌండ్లు. బూరె లాబ్రడార్, పదకొండేళ్ళు, 78 పౌండ్లు, వెనక కాళ్ళ కీళ్ళు అరిగాయి. విమానంలో సీటు కింద పట్టే కుక్కలు కావు. కార్గోలో వెయ్యడానికి మనసొప్పలేదు. పోయినేడాది బోర్డింగ్‌లో వదిలితే బూరె నాలుగు రోజులు తిండి సరిగ్గా ముట్టలేదు. అందుకని 28 అడుగుల ఆర్వీ (లోపలే వండుకుని పడుకునే ఇల్లులాంటి బండి) అద్దెకి మాట్లాడుకున్నాం. 22న బయల్దేరి 24 సాయంత్రానికి చేరాలి. మా ఆయన బాగానే నడుపుతారు కానీ మంచులో ఇంత పెద్ద బండి ఎప్పుడూ తోలలేదు. ఏ దారిన వెళ్ళమంటారు? రాత్రిళ్ళు చలికి కుక్కలు తట్టుకుంటాయా? పైపుల్లో నీళ్ళు గడ్డకడతాయంటున్నారు, నిజమేనా? చాలా టెన్షన్‌గా ఉంది. ఇలా వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి.

జవాబు (కొలరాడో స్ప్రింగ్స్ నుంచి)

అమ్మా, మేము రెండు గ్రేట్ పిరనీస్ కుక్కల్ని వేసుకుని నాలుగు చలికాలాలుగా ఇదే దారిలో వెళ్తున్నాం. మీరు అడిగినవాటికన్నా ముందు తేదీ సంగతి చెప్తాను. 24 సాయంత్రం అని అన్నయ్యకి మాట ఇచ్చి ఉంటే ఇవాళే ఫోన్ చేసి ఆ మాట వెనక్కి తీసుకోండి. ఈ ప్రయాణంలో ప్రమాదం మంచుతో కన్నా "ఇవాళే దాటెయ్యాలి" అనే తొందరతోనే ఎక్కువ వస్తుంది. దారి దాదాపు 900 మైళ్ళు. మూడు రోజుల్లో అయ్యేదే, వాతావరణం బాగుంటే. బాగుంటుందని డిసెంబరులో ఎవరూ చెప్పలేరు. 19నే బయల్దేరండి. రెండు రోజులు ఎక్కడైనా ఆగిపోయినా ఇబ్బంది ఉండదు.

దారి ఐ-25 మీదుగా ఆల్బకర్కీ, అక్కణ్ణుంచి ఇంకా దక్షిణానికి హ్యాచ్ దాకా. అక్కడ ఎన్‌ఎం-26 పట్టుకుంటే డెమింగ్, తర్వాత ఐ-10 మీద నేరుగా టక్సన్. ఫోన్‌లో మ్యాప్ మిమ్మల్ని సొకోరో దగ్గర యూఎస్-60 మీదకి తిప్పొచ్చు, తిరగకండి. మైళ్ళు తగ్గుతాయి కానీ అది పై టౌన్ మీదుగా ఎత్తయిన కొండదారి. ముందుకెళ్తే సాల్ట్ రివర్ కాన్యన్‌లో నిటారు దిగుడు, పాములా మెలికలు. ఫ్లాగ్‌స్టాఫ్ వైపు కూడా వద్దు, ఆ ఊరు 7,000 అడుగుల దగ్గర ఉంటుంది, మంచు బాగా పడుతుంది.

నేను చెప్పిన దారిలో జాగ్రత్తగా ఉండాల్సిన చోట్లు మాన్యుమెంట్ హిల్ (7,352 అడుగులు), ర్యాటన్ పాస్ (7,834 అడుగులు), ఆల్బకర్కీకి ముందు గ్లోరియెటా కనుమ. మంచు తుఫానులో ర్యాటన్ పాస్ మూసేస్తారు, అది అందరికీ తెలుసు. కొత్తవాళ్ళు మర్చిపోయేది వాల్సెన్‌బర్గ్ దగ్గరి గాలి. ఆకాశం నీలంగా ఉంటుంది, రోడ్డు పొడిగా ఉంటుంది, అయినా ఎత్తు బళ్ళని ఆపేస్తారు. ఆర్వీ అంటే చక్రాల మీద నిలబెట్టిన గోడ. గాలి జోరు గంటకి 40 మైళ్ళు దాటుతుందని సూచన ఉంటే నేను బండి తియ్యను. పొద్దున్నే నేషనల్ వెదర్ సర్వీస్ సూచన, రోడ్ల పరిస్థితి చెప్పే సైట్లు కొలరాడోలో సీఓట్రిప్, న్యూమెక్సికోలో ఎన్‌ఎంరోడ్స్, అరిజోనాలో ఏజెడ్ 511 చూసుకోండి. ఊరి పేరు కొట్టి చూస్తే చాలదు, కనుమ దగ్గర ఎలా ఉందో విడిగా చూడాలి. పదింటికి బయల్దేరి మూడున్నరకల్లా ఆగిపోండి. ఆ టైముకి రాత్రి గడ్డకట్టిన మంచుపొర కొంత కరుగుతుంది, చీకటి ఇంకా పడదు.

ఇక రాత్రి చలి. ఆర్వీలో హీటర్ ప్రొపేన్ గ్యాస్‌తో మండుతుంది కానీ ఆ వేడిని ఊదే ఫ్యాన్ బ్యాటరీతో తిరుగుతుంది. ఇది మాకు తెలిసింది ర్యాటన్ పాస్‌కి ముందు వచ్చే ట్రినిడాడ్ ఊళ్ళో, మొదటి ఏడాది. కరెంటు లేని చోట ఆగాం, ట్యాంకులో గ్యాస్ నిండుగా ఉంది, నిశ్చింతగా పడుకున్నాం. రాత్రి మూడింటికి మా పెద్ద కుక్క వచ్చి మొహం మీద ముక్కు పెట్టి లేపింది. ఫ్యాన్ ఆగిపోయింది, లోపల 38 డిగ్రీల ఫారన్‌హీట్. అద్దెకి ఇచ్చినవాళ్ళు పాత బ్యాటరీ పెట్టారు, మేము చూసుకోలేదు. పిల్లల్ని రెండు కుక్కల మధ్య పడుకోబెట్టి తెల్లారేదాకా కూర్చున్నాం.

లెక్క సులువే. ఫ్యాన్ గంటకి 8 ఆంప్-అవర్లు (బ్యాటరీ చార్జి కొలత) తాగుతుందనుకోండి. రాత్రి పదిగంటల్లో సగంసేపు తిరిగితే 40. వంద ఆంప్-అవర్ల మామూలు లెడ్ బ్యాటరీలో భద్రంగా వాడుకోగలిగింది సగమే, చలిలో ఇంకా తక్కువ. లైట్లు, ఫోన్ల చార్జింగ్ కలిపితే తెల్లారకముందే అయిపోతుంది. అందుకే చల్లని చోట్ల కరెంటు హుకప్ (బండికి బయటి కరెంటు తగిలించుకునే ఏర్పాటు) ఉన్న క్యాంప్‌గ్రౌండే తీసుకోండి. బండి తీసుకునే రోజు హీటర్‌ని బ్యాటరీ మీద అరగంట నడిపి చూపించమనండి. ప్రొపేన్ లెక్క కూడా చెప్తాను: 20 పౌండ్ల సిలిండర్, గంటకి 30,000 బీటీయూ (వేడి కొలత) హీటర్ ఆగకుండా మండితే పద్నాలుగు పదిహేను గంటలకి ఖాళీ. దారిలో ఎక్కడ దొరికితే అక్కడ నింపుకోండి. పెట్రోలు కూడా సగానికి తగ్గనివ్వకండి. చాలా బళ్ళలో జనరేటర్ అదే ట్యాంకులోంచి తాగుతుంది, పావుకి వచ్చేసరికి తనంతట తను ఆగిపోతుంది.

నీళ్ళ విషయంలో మా పద్ధతి చెప్తాను. చలికాలంలో అద్దె ఆర్వీలు తరచుగా పైపుల్లో గులాబీ రంగు యాంటీఫ్రీజ్ (చలికి గడ్డకట్టని ద్రవం) పోసి ఇస్తారు. ఆల్బకర్కీ దాటేదాకా దాన్ని అలాగే ఉంచేయండి. తాగడానికి, వంటకి క్యాన్లలో నీళ్ళు తీసుకెళ్ళండి. కుక్కకి పౌండు బరువుకి రోజుకి ఒక ఔన్సు నీళ్ళు లెక్క. మీ రెండు కుక్కలకీ కలిపి గ్యాలన్ మీద మరో 1.3 లీటర్లు. టాయిలెట్‌లో నీళ్ళకి బదులు ఆ గులాబీ ద్రవమే చెంబుతో పొయ్యండి. అది ప్రొపిలీన్ గ్లైకాల్, పెద్దగా విషం కాదు. కారు రేడియేటర్‌లో పోసే ఎథిలీన్ గ్లైకాల్ మాత్రం కుక్కలకి ప్రాణాంతకం. తియ్యగా ఉంటుంది కాబట్టి నాకుతాయి, కొంచానికే కిడ్నీలు పాడవుతాయి. పెట్రోలు బంకుల్లో, పార్కింగుల్లో నేల మీద నిలిచిన నీళ్ళు ముట్టనివ్వకండి.

జవాబు (డాలస్ నుంచి)

హీటర్ ఆగితే స్టవ్ నాలుగు బర్నర్లూ వెలిగించండి, పది నిమిషాల్లో వెచ్చబడుతుంది. మేము ఒకసారి అలాగే చేశాం.

జవాబు (కొలరాడో స్ప్రింగ్స్ నుంచి)

అన్నా, దయచేసి ఈ సలహా ఎవరికీ ఇవ్వకండి. మూసిన పెట్టెలాంటి చోట స్టవ్ మండితే ఆక్సిజన్ తగ్గి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పెరుగుతుంది. దానికి వాసన ఉండదు. నిద్రలో ఉన్నవాళ్ళకి తెలియను కూడా తెలియదు. అమ్మా, మీరు బండి తీసుకునేటప్పుడే కార్బన్ మోనాక్సైడ్ అలారం, కింద నేల దగ్గర ఉండే ప్రొపేన్ అలారం రెండూ బటన్ నొక్కి చూడండి. జనరేటర్ నడుస్తుండగా పడుకోవద్దు. మంచు పడిన పొద్దున ముందు హీటర్ గొట్టం బయటి మూతి చుట్టూ మంచు తీసెయ్యాలి. ఎంత చలైనా పైకప్పు వెంట్ అంగుళం తెరిచి ఉంచండి. రెండు పెద్ద కుక్కల ఊపిరికే అద్దాలన్నీ చెమ్మగిల్లి పొద్దున్నకి పరుపు కింద తడి చేరుతుంది.

మళ్ళీ ప్రశ్న (అరోరా నుంచి)

చాలా థాంక్సండీ. మా ఆయనకి చదివి వినిపించాను, 19కి ఒప్పుకున్నారు. మూడు సందేహాలు. బూరె మెట్లెక్కలేదు, ఏం చెయ్యాలి? బండి నడిచేటప్పుడు వీళ్ళని ఎక్కడ కూర్చోబెట్టాలి? దారిలో పెరుగన్నం, పప్పన్నం పెట్టొచ్చా?

జవాబు (కొలరాడో స్ప్రింగ్స్ నుంచి)

ఆర్వీ ఇనప మెట్ల మీద మంచుపొర పడితే మనమే జారతాం. మడత ర్యాంప్ కొనండి, గరుకుగా ఉండేది. బూరెకి వీపు మీద పిడి ఉన్న హార్నెస్ (ఒంటికి కట్టే పట్టీ) వేస్తే వెనక నుంచి ఎత్తి పట్టుకోవచ్చు. లోపల నున్నటి నేల మీద యోగా మ్యాట్లు పరవండి. చలి నేల నుంచే ఎక్కుతుంది, కాబట్టి బూరెకి నేలకి ఆనని క్యాంపు మంచం వేసి దాని మీద బొంత వెయ్యండి. మా అమ్మ పాత చీరలతో కుట్టిన బొంత ఉంటే మా కుక్కలు కొన్న పరుపుల వైపు చూడవు.

నడిచేటప్పుడు వదిలెయ్యకండి. గట్టిగా బ్రేకు వేస్తే 95 పౌండ్ల భీముడు మీ ఆయన వీపు మీదకి వస్తాడు. క్రాష్ టెస్ట్ చేసిన హార్నెస్‌ని సీటుబెల్టుకి తగిలించాలి, లేదా కదలకుండా కట్టిన గట్టి క్రేట్‌లో (బోనులో) ఉంచాలి. రెండు గంటలకోసారి దింపండి. రోడ్డు మీద చల్లే ఉప్పు, మెగ్నీషియం క్లోరైడ్ పాదాలని మండిస్తాయి, నాకితే వాంతులవుతాయి. ఎక్కే ముందు గోరువెచ్చటి నీళ్ళలో పాదాలు ముంచి వేళ్ళ మధ్య కూడా తుడవండి. తడి కుక్క త్వరగా చల్లబడుతుంది, పాత తువ్వాళ్ళు పది పెట్టుకోండి. బూరె వణికితే లోపలికి తీసుకురండి. బాగా చలిలో ఉండి వణుకు ఆగిపోయి మగతగా పడుకుంటే మాత్రం క్షణం ఆలస్యం చెయ్యకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

ఉప్పు, పోపు లేని పెరుగన్నం కొంచెం పెట్టొచ్చు. మన పప్పులో, సాంబారులో ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి, రెండూ కుక్కల రక్తానికి చేటు. దారిలో నమలడానికి తెచ్చుకునే కిస్‌మిస్ కూడా అందకుండా పెట్టండి. వాటి తిండి, బూరె మాత్రలు వారం ఎక్కువే ఉంచుకోండి.

జవాబు (టక్సన్ నుంచి)

ఇక్కడి సంగతి నేను చెప్తాను. చలి తగ్గిందని ఎడారిలో కుక్కల్ని వదలకండి. చోయా కాక్టస్ ముళ్ళు ముక్కలు ముక్కలుగా ఊడి పాదాలకి అంటుకుంటాయి, చేత్తో లాగితే మన వేళ్ళకీ దిగుతాయి. పెద్ద పళ్ళ దువ్వెన, పట్టకారు దగ్గరుంచుకోండి. సగ్వారో నేషనల్ పార్క్‌లో మట్టి దారుల్లోకి కుక్కల్ని రానివ్వరు, ఆశపెట్టుకుని వెళ్ళకండి. దారిలో ఎలిఫెంట్ బ్యూట్ లేక్ స్టేట్ పార్క్‌లో ఒక రాత్రి ఆగితే బాగుంటుంది, కట్టుతాడు వేసి నడిపించడానికి బోలెడు చోటు. తిరిగి వెళ్ళాక కొన్ని వారాల్లో దగ్గు, జ్వరం, బరువు తగ్గడం కనిపిస్తే అరిజోనా వెళ్ళొచ్చామని డాక్టరుకి తప్పక చెప్పండి. ఇక్కడి మట్టిలో ఉండే ఫంగస్‌తో వ్యాలీ ఫీవర్ వస్తుంది. వేరే రాష్ట్రాల్లో డాక్టర్లకి వెంటనే తట్టకపోవచ్చు.

అరోరా నుంచి, 19 సాయంత్రం

ప్యూబ్లోలో ఆగిపోయాం. వాల్సెన్‌బర్గ్ దగ్గర ఎత్తు బళ్ళని ఆపేశారు, రేపు మధ్యాహ్నం దాకా తెరవకపోవచ్చంటున్నారు. కరెంటు హుకప్ దొరికింది. లోపల 64 డిగ్రీలు. అమ్మ ఫోన్ చేసి ఎప్పుడొస్తారని అడిగింది, దారి తెరిచాక వస్తామని చెప్పాను. బూరె బొంత మీద పడుకుంది, కడుపునిండా తింది.

కొలరాడో స్ప్రింగ్స్ నుంచి

మంచి పని చేశారమ్మా. పడుకునే ముందు బ్యాటరీ ఎన్ని వోల్టులు చూపిస్తోందో చూసి ఇక్కడ రాయండి. రేపు పొద్దున చలి మీదే టైర్లలో గాలి కొలవండి, పది డిగ్రీల ఫారన్‌హీట్ తగ్గితే గాలి ఒత్తిడి ఒకటి రెండు పీఎస్ఐ పడిపోతుంది. దారి తెరిచినా మధ్యాహ్నం రెండు దాటితే ర్యాటన్ ఎక్కకండి, ట్రినిడాడ్‌లో ఆగండి.