జులైలో పుట్టిన పాపకు కెంపా, ముత్యమా?

ప్రశ్న: మా పాపది జులై, కర్కాటక రాశి. విజయవాడ గవర్నర్‌పేటలో షాపతను బర్త్‌స్టోన్ (పుట్టిన నెలను బట్టి పెట్టుకునే రాయి) కెంపు అన్నాడు. మా అత్తయ్యేమో ముత్యమే పెట్టాలంటున్నారు. ఏది కరెక్ట్?

జవాబు: రెండూ వేర్వేరు లెక్కలండీ. నెలల పట్టికను 1912లో అమెరికా నగల వర్తకులు ఖాయం చేశారు. 2002లో డిసెంబరుకు టాంజనైట్ అనే రాయిని కూడా తగిలించారు (వ్యాపారం మరి!). మనది గ్రహాల లెక్క. కర్కాటకానికి అధిపతి చంద్రుడు, ఆయనకి ముత్యం. కెంపు సూర్యుడిది.

ఇంకో జవాబు: మాది గుంటూరు. మా నాన్నగారు నీలాన్ని మూడు రాత్రులు దిండు కింద పెట్టుకుని, పీడకలలు రాలేదని తేలాకే వేలికి తొడిగారు. తమాషా ఏంటంటే కెంపూ నీలమూ ఒకే ఖనిజం, కురువిందం. క్రోమియం కలిస్తే ఎరుపు. ఇనుము, టైటానియం కలిస్తే నీలం.

అడిగినావిడ: అయితే ముత్యమే. రేటు కూడా మా చేతికి అందేలా ఉంది.