‘పనికిమాలినదానిగా ఎంచవద్దు’: హన్నా మాటలో ‘ఎంచు’ అన్న క్రియ

ప్రశ్న: బైబిలులోని మొదటి సమూయేలు గ్రంథం 1వ అధ్యాయంలో, సంతానం లేక దుఃఖిస్తున్న హన్నా యాజకుడైన ఏలీతో తనను ‘పనికిమాలినదానిగా ఎంచవద్దు’ అని వేడుకుంటుంది. ఇక్కడ ‘ఎంచు’ అంటే ‘అనుకొను’ అని చెప్పి ఊరుకోవచ్చునా?

జవాబు: ఊరుకోకూడదని నా అభిప్రాయం. ‘ఎన్ను’, ‘ఎంచు’ ఒకే ధాతువుకు చెందిన క్రియలు. లెక్కపెట్టడం, తలచడం, తప్పుపట్టడం అనే అర్థాలు మూడూ వాటిలో కలిసి ఉన్నాయి. ‘వంకలెంచడం’ అన్నప్పుడు ఆ కలయిక మనకు స్పష్టంగానే వినిపిస్తుంది. షిలోహు అనే ఊరిలోని దేవుని మందిరపు గుమ్మం దగ్గర ఆసీనుడైన ఏలీ, పెదవులు కదలడమే తప్ప స్వరం వినిపించని ఆ స్త్రీ ప్రార్థనను చూసి, ఆమె తాగి ఉన్నదని నిశ్చయించుకొని, ఎంతకాలం ఈ మత్తు అని గద్దించాడు. తాను ద్రాక్షారసమూ మద్యమూ ముట్టలేదని, మనోదుఃఖంతో దేవుని ఎదుట తన ఆత్మను కుమ్మరించుకుంటున్నానని చెప్పిన తరువాత ఆమె అన్న మాట ఇది. కనుక, నన్ను ఆ కోవకు చెందినవారి లెక్కలో చేర్చవద్దు అన్నదే ఆమె మనవి.

అయితే ఆ లెక్కలో చేరవలసినవారు ఎవరు? హీబ్రూ మూలంలో హన్నా వాడిన మాట ‘బెలియాలు కుమార్తె’; ‘బెలియాలు’ అంటే పనికిమాలినతనం, దుష్టత్వం. 2వ అధ్యాయం 12వ వచనంలో కథకుడు ఏలీ కొడుకులైన హొఫ్నీ, ఫీనెహాసులను ‘బెలియాలు కుమారులు’ అంటాడు. తెలుగు అనువాదంలో ఒకచోట ‘పనికిమాలిన’ అనీ, మరొకచోట ‘దుర్మార్గులు’ అనీ వేర్వేరు మాటలు పడినందువల్ల, అధ్యాయం తిరగగానే ఎదురయ్యే ఆ పోలిక మనకు అందకుండా పోయింది. ఇది చిన్న నష్టం కాదు. బలిమాంసాన్ని మూడు ముళ్ల కొంకితో బలవంతంగా లాగుకొన్నవారు, ఆరాధన గుడారపు ద్వారం దగ్గర సేవచేసే స్త్రీలతో శయనించినవారు ఆ యాజకుని ఇంటివారే. నిరపరాధిని అయిన స్త్రీని చూసిన వెంటనే గద్దించిన నోరు, అవన్నీ విన్న తరువాత కూడా కన్నకొడుకులను మందలించి విడిచిపెట్టింది.

ప్రశ్న: అలాగైతే వేమన చెప్పిన ‘తప్పులెన్నువారు తమ తప్పులెరుగరు’ అన్న పాదం ఏలీకి సరిగ్గా సరిపోతుంది కదా?

జవాబు: సగమే సరిపోతుంది. ఆ పాదంలో ‘ఎన్ను’, ‘ఎరుగు’ ఎదురెదురుగా నిలుస్తాయి. పరుల తప్పులు లెక్కించేవాడికి తన తప్పు తెలియనే తెలియదని దాని భావం. ఏలీ సంగతి వేరు. కొడుకుల దోషం అతడు ఎరిగి ఉండి కూడా అడ్డగించలేదని 3వ అధ్యాయం తేటగా చెబుతుంది, అంటే ఎరిగినదాన్ని అతడు ఎంచలేదు. మహాభారతం ఆదిపర్వంలో శకుంతల దుష్యంతునితో, ఆవగింజంత పరదోషాలను చూస్తావు గాని, మారేడు పండంత నీ దోషాలను ‘పశ్యన్నపి న పశ్యసి’, చూస్తూ ఉండి కూడా చూడవు అంటుంది. ఏలీకి అతికే వాక్యం నా దృష్టిలో అదే.

కొడుకుల పట్ల ఏలీకున్న బలహీనతే హన్నాను తొందరపడి గద్దించడానికి కారణమని గ్రంథం ఎక్కడా నేరుగా చెప్పదు. ఆ రెండు దృశ్యాలను పక్కపక్కన పెట్టి, ఒకే మాటతో ముడివేసిన కథకుని కూర్పు నుండి నేను గ్రహించినది ఇది. ఏలీ పట్ల అన్యాయం చేయకుండా ఉండాలంటే మరొకటి కూడా చెప్పాలి: హన్నా జవాబు విన్నాక అతడు తన తీర్పును పట్టుకొని వేలాడలేదు, ‘క్షేమముగా వెళ్లుము’ అని ఆమెను దీవించి పంపాడు. ఈ వచనానికి వ్యాఖ్య రాసేవారు ‘ఎంచు’ దగ్గర లెక్కించడమన్న అర్థాన్నీ, ‘పనికిమాలిన’ దగ్గర రెండవ అధ్యాయపు ‘దుర్మార్గులు’ అన్న మాటనూ తప్పక చూపించాలని నా విన్నపం.